మన కీర్తనల్లో ‘నేను’ ఎవరు?

ముందే ఒక మాట చెప్పుకోవాలి. నేను సాహిత్య విమర్శకుణ్ణి కాను. బి.కాం. చదివి, బ్యాంకులో చేరి, ముప్పై ఏళ్ళకు పైగా పరాయివాళ్ళ అప్పుల లెక్కలు చూస్తున్నవాణ్ణి. వేదాంత కళాశాల గుమ్మం తొక్కలేదు. అయితే పుట్టి పెరిగింది చూలైలో, తెలుగు ఆరాధనకు వెళ్ళే ఇంట్లో. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, ఆఫీసులో ఇంగ్లీషు. బడిలో నాకు తెలుగు లేదు. అక్షరాలు కూడబలుక్కుని చదవడం నాకు నేర్పింది ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ పుస్తకమే. కనుక ఆ పుస్తకాన్ని ఒక ప్రశ్న అడిగే హక్కు నాకూ కొంత ఉందనుకుంటాను.

ప్రశ్న ఇది: మన కీర్తనల్లో ‘నేను’ అని పాడేది ఎవరు? పాపా, పరిశుద్ధుడా?

ఈ ప్రశ్న నాకు పుస్తకాల్లోంచి రాలేదు. మా అమ్మ ఆఖరి నెలలో మంచం మీద ఉండగా ఒక రాత్రి నన్ను పిలిచి, “నాయనా, నన్ను రానిస్తాడంటావా? పాపిని కదా!” అంది. అరవై ఏళ్ళు గుడిలో ముందు వరసలో కూర్చుని పాడిన మనిషి. ఇంటికి వచ్చినవాణ్ణి అన్నం పెట్టకుండా పంపని మనిషి. “రానిస్తాడమ్మా” అన్నాను. ఆమె మళ్ళీ అడిగింది. తెల్లవారేలోపు నాలుగుసార్లు అడిగింది. ఆమె నోట ఆ మాట వినయంగా వినిపించలేదు, భయంగా వినిపించింది. అరవై ఏళ్ళ పాట ఆమెకు జబ్బు పేరు కంఠతా నేర్పింది. నయమైందన్న మాట మాత్రం ఆమెకు అందలేదు. తప్పు అమ్మదా, పాటదా, పాడించిన మనదా అని అప్పటినుంచి ఆలోచిస్తున్నాను.

మన కీర్తనకారుల్లో పెద్దవాడు పురుషోత్తమ చౌదరి. 1803లో బెంగాలీ బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, 1833లో బాప్తిస్మం పొంది, 1890 దాకా జీవించాడు. కర్ణాటక రాగాల్లో ఆయన కట్టిన కీర్తనలు లేకపోతే తెలుగు క్రైస్తవుడికి నాలుక లేదు. పాపినని ఒప్పుకొని శరణు వేడే స్వరం ఆయనలో బలంగా వినిపిస్తుంది. అదేదో పాశ్చాత్య మిషనరీలు ఓడలో దించిన సరుకు అనుకుంటే పొరపాటు. మన భక్తి కవిత్వంలో అది పాత బాట. శ్రీవైష్ణవులు దానికి నైచ్యానుసంధానం అని పేరే పెట్టారు. చౌదరి కంటే ముందుతరం వాడు, తమిళదేశంలో మనలాగే తెలుగువాడు త్యాగరాజు (1767-1847). ఆయన గౌళ పంచరత్నం మొదలు నుంచి చివరదాకా తన తప్పుల జాబితా. అదే త్యాగరాజు శ్రీరాగ పంచరత్నంలో మహానుభావులందరికీ దండం పెట్టాడు. గమనించండి, పాపి ఒక కీర్తనలో, పుణ్యాత్ములు మరో కీర్తనలో. పాడేవాడు రెండోదాంట్లో దండం పెట్టేవాడే గాని ఆ పంక్తిలో కూర్చున్నవాడు కాడు.

చౌదరిగారు ఈ సంప్రదాయాన్ని క్రీస్తు పాదాల దగ్గరికి తెచ్చారు. బ్రాహ్మణుడిగా పుట్టినవాడు “నేను పాపిని” అనడంలో ఒక దిగిరావడం ఉంది. పుట్టుకతో వచ్చిన ఎత్తు మీదినుంచి నేలమీద కాలు పెట్టడం అది. అందులోని సౌందర్యం కాదనను.

కాని ఆ పాట ఎవరి నోటికి చేరింది? 1878 జులై 3న ఒంగోలు దగ్గర వెల్లంపల్లిలో, క్లౌ దొరగారి మిషనులో, ఒక్క రోజున 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. కరువు కాలం అది. వచ్చినవాళ్ళలో అత్యధికులు మాదిగలు. ఊరు వాళ్ళను అప్పటికే నీడ పడితే మైల అంటోంది. దిగిరావడానికి వాళ్ళకు ఎత్తు ఏదీ? ఎత్తు మీద ఉన్నవాడి నోట విడుదలగా పలికిన మాట, తొక్కుడుపడ్డవాడి నోట ఊరి తీర్పుకు వంతపాట అయ్యే ప్రమాదం ఉంది. అక్షరం మారలేదు, రాగం మారలేదు. పాడే గొంతు మారింది, అర్థం మారింది. మన విమర్శకులు కీర్తనల్లో ఛందస్సు చూశారు, రాగతాళాలు చూశారు. ఈ తేడా మీద పెట్టాల్సినంత దృష్టి పెట్టలేదని నా ఫిర్యాదు. మన క్రైస్తవ కవి జాషువా 1941లో ‘గబ్బిలం’ రాసినప్పుడు గుడి బయట నిలిచినవాడి చేత తన పాపాలు చదివించలేదు. తనకు జరిగిన అన్యాయాన్ని శివుడికి కబురు పంపించాడు. ఆ ధైర్యం మన ఆరాధన పాటల్లోకి ఎందుకు అంతగా రాలేదు?

ఇక రెండో మాట, ‘పరిశుద్ధుడు’. పౌలు రోమా, కొరింథు, ఎఫెసు, ఫిలిప్పీ, కొలొస్సయి సంఘాలకు రాసిన ఉత్తరాల మొదట్లో విశ్వాసుల్ని పిలిచింది ఈ మాటతోనే. గ్రీకులో హాగియోస్. దానికి మొదటి అర్థం దేవుడికి ప్రత్యేకించినది, ఆయన సొత్తు అని. తెలుగు బైబిలు దానికి పరిశుద్ధులు అంది, తమిళ బైబిలు పరిశుద్ధవాన్‌గళ్ అంది. రెండింట్లోనూ శుద్ధి అనే మాట వచ్చి కూర్చుంది. తెలుగువాడి చెవికి శుద్ధి అనగానే మడి గుర్తొస్తుంది, మచ్చలేనితనం గుర్తొస్తుంది. ఇక “నేను పరిశుద్ధుణ్ణి” అనడానికి ఎవరికి నోరొస్తుంది? దానికి తోడు మన కతోలిక సోదరులు పునీతులు అనేది గుర్తింపు పొందిన మహాత్ముల్ని. 2022లో కన్యాకుమారి సీమ దేవసహాయం పిళ్ళైకి ఆ గౌరవం దక్కింది. అలా ఆ మాట వేదిక మీదికి, పటం లోపలికి పోయింది. చూలైలో దర్జీ పని చేసుకునే విశ్వాసికి అది తన పేరని తోచదు.

కాని పౌలు ఆ పేరుతో పిలిచిన కొరింథువాళ్ళు ఎలాంటివాళ్ళు? ఒకరిమీద ఒకరు కోర్టుకెక్కినవాళ్ళు. ప్రభువు బల్ల దగ్గర ఒకడు ఆకలితో ఉంటే ఇంకొకడు తాగి తూలిన సంఘం. వాళ్ళను పౌలు చీవాట్లు పెట్టాడు, పేరు మాత్రం వెనక్కి తీసుకోలేదు. అదే పౌలు తిమోతికి రాస్తూ పాపుల్లో తానే మొదటివాడినన్నాడు. భూతకాలంలో కాదు, వర్తమానంలో. యాకోబు అయితే సంఘంలోని వాళ్ళనే పాపులారా అని పిలిచి చేతులు కడుక్కోమన్నాడు. గ్రంథంలో రెండు మాటలూ ఉన్నాయి. ఒకదాన్ని కొట్టేసే అధికారం మనకు లేదు.

ఇక్కడ నా వృత్తి కాస్త పనికొచ్చింది. రోమా పత్రిక నాలుగో అధ్యాయంలో ‘ఎంచబడెను’ అని తెలుగులో వచ్చే మాటకు గ్రీకు మూలం లెక్కల్లో జమకట్టే మాట. ఆ ఒక్క అధ్యాయంలో 11 సార్లు వస్తుంది. మత్తయి సువార్తలోని ప్రభువు ప్రార్థన కూడా పాపాలు అనదు, ‘ఋణములు’ అంటుంది. అప్పు సంగతి నాకు తెలుసు. బ్యాంకులో రైటాఫ్ వేరు, మాఫీ వేరు. రైటాఫ్ అంటే బ్యాంకు తన ఖాతా పుస్తకం శుభ్రం చేసుకోవడం. బాకీదారు బాధ్యత పోదు, వసూలు ప్రయత్నం ఆగదు. మాఫీ అంటే ఇచ్చినవాడే ఆ నష్టం భరించి బాకీ లేదనడం.

2008లో కేంద్ర ప్రభుత్వం రైతుల అప్పులు మాఫీ చేసినప్పుడు నేను తిరువళ్ళూరు జిల్లాలో ఒక పల్లె శాఖలో ఉన్నాను. ఒక తెలుగు రైతుకు మాఫీ పత్రం నా చేతులతోనే ఇచ్చాను. ఆ తరువాత కూడా ఆయన బజారులో నేను కనిపిస్తే పక్క సందులోకి తప్పుకునేవాడు. ఒకరోజు ఎదురుపడి పట్టుకుని అడిగితే, “ఏమో సామీ, మళ్ళీ అడుగుతారేమోనని” అన్నాడు. కాగితం ఆయన పెట్టెలోనే ఉంది. మా అమ్మను తలచుకున్నప్పుడల్లా ఆ రైతు గుర్తొస్తాడు. మాఫీ అయిన అప్పును రైటాఫ్ అయిన అప్పనుకుని బతికారు ఇద్దరూ.

అయితే పాపి అనే మాట మానేసి, పరిశుద్ధులమని మాత్రమే పాడుకుందామా? ఇప్పుడు వస్తున్న కొత్త పాటలు కొన్ని ఆ దారినే ఉన్నాయి. విజయం, ఆశీర్వాదం, రాజకుమారుడి హోదా. దానికీ నా దగ్గర ఒక ఖాతా ఉంది. ఒక సంఘంలో పెద్దగా చెలామణి అయ్యే ఒకాయన మా శాఖలో అప్పు తీసుకున్నాడు. అదే సంఘంలోని దర్జీ ఒకాయన జామీను పెట్టాడు. పెద్దమనిషి కట్టలేదు. చివరికి దర్జీ ఎఫ్.డి. లోంచి సొమ్ము జమ చేసుకోవాల్సి వచ్చింది. ఆ పని చేసింది నేనే. తరువాత పెద్దమనిషి కనిపిస్తే అడిగాను. “అదంతా పాత మనిషి చేసింది సార్. నేనిప్పుడు నూతన సృష్టిని” అన్నాడు. పాత మనిషి సంతకం కింద సంతకం పెట్టిన దర్జీ మాత్రం పాత దర్జీయే! జక్కయ్య రక్షణ వచ్చిన రోజున అలా అనలేదు. అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు. పరిశుద్ధుడు అనే పేరు నిజంగా తగిలినవాడు చేసే మొదటి పని పాత లెక్క తేల్చడం.

మా వీధికి నడిచిపోయే దూరంలోనే వేపేరి. జర్మనీ నుంచి వచ్చిన లూథరన్ మిషనరీ బెంజమిన్ షుల్జ్ మద్రాసు వచ్చి పని మొదలుపెట్టాడు. బైబిలును తెలుగులోకి తెచ్చే పనికి తొలుత పూనుకున్నవాడు ఆయనే. 1746లో జర్మనీలోని హాలేలో తెలుగు పుస్తకాలు అచ్చువేయించినవాడూ ఆయనే. ఆయన మూలపురుషుడు లూథర్ చెప్పిన సూత్రం ఒకటుంది: విశ్వాసి ఒకే సమయంలో నీతిమంతుడూ, పాపీ. సగం ఇది, సగం అది అని కాదు. తన ముఖం తాను చూసుకుంటే పాపి, క్రీస్తులో చూస్తే నీతిమంతుడు. అదే మద్రాసులో 1941లో యెహోవా షమ్మా సహవాసం మొదలుపెట్టిన భక్తసింగ్ ప్రభావంలో పెరిగిన సంఘాల్లో సాధారణ విశ్వాసుల్ని పరిశుద్ధులు అని సంబోధించడం చిన్నప్పుడు నేను విన్నాను. రిక్షా తొక్కే ఆయన్ని అలా పిలిస్తే ఆయన నిటారుగా నిలబడటం కూడా చూశాను. రెండు పాఠాలూ మన పేటల్లోనే ఉన్నాయి. కాని వేరువేరు గుళ్ళలో ఉన్నాయి.

నా అభిప్రాయం ఇంతవరకు వచ్చింది. పాపి అనేది ఒప్పుకోలు మాట. పరిశుద్ధుడు అనేది పేరు. ఒప్పుకోలు రోజూ చేసుకోవచ్చు, దాన్ని పేరుగా పెట్టుకోకూడదు. పేరు దేవుడు పెట్టింది, దాన్ని ఒప్పుకోలు తప్పించుకోవడానికి వాడుకోకూడదు. పాత కీర్తనలు మానమని నేను అనడం లేదు. అవి పోతే ఈ ఊళ్ళో మన తెలుగూ పోతుంది. పశ్చాత్తాప కీర్తన పాడించిన రోజున దాని వెనకే క్షమాపణ దొరికిందని పలికే కీర్తన ఒకటి తప్పక పాడించమని పాట ఎంపిక చేసే పెద్దల్ని వేడుకుంటున్నాను. కొత్తగా రాసే కవులు ఆ రెండూ ఒకే చరణంలో ఇమిడే పాట రాయాలి. ఎత్తు నుంచి దిగవలసినవాడూ, నేల మీదినుంచి లేవవలసినవాడూ పక్కపక్కన నిలబడి సిగ్గుపడకుండా పాడుకోగల పాట.

మా అమ్మ అడిగినప్పుడు నాకు ఇవేవీ తోచలేదు. రానిస్తాడని మాత్రం అన్నాను. ఇప్పుడైతే ఇంకోలా చెప్పేవాణ్ణి. “నువ్వు పాపివే అమ్మా, కాదనను. కాని ఆయన పుస్తకంలో నీ పేరు అది కాదు” అని.