ఇటుకమీద ఊరిపేరు

వియత్నాం అనగానే మనకు ఒక యుద్ధం గుర్తుకొస్తుంది. మా ముందుతరం కవులు ఆ దేశం మీద రాసిన కవితల్లో వెదురుపొదలున్నాయి, వరిచేలున్నాయి, నాపాం మంటలున్నాయి. రాజనగరులు లేవు. ఆనాడు వాటి అవసరమూ లేదు. మరోవైపు మన చరిత్రకారుల్లో ఒక వర్గం ఆ దేశపు దక్షిణభాగంలో ఒకప్పుడున్న చంపారాజ్యం దాకా వెళ్ళి, అక్కడ అమరావతి శిల్పం అడుగుజాడలు వెతికి, దొరికినంత మేరకు సంతోషించి తిరిగొచ్చింది. ఉత్తరాన ఎర్రనది ఒడ్డున వియెత్ ప్రజలు కట్టిన రాజధాని ఈ ఇద్దరి దృష్టికీ ఆనలేదు. ఈ వ్యాసం ఆ రాజధాని గురించి. ఇంకా సరిగా చెప్పాలంటే, దాని శిథిలాలను సాహిత్యం ఎలా చదివింది, మట్టి ఎలా చదివించింది అన్న విషయం గురించి. ఇందులో నా తప్పొకటి ఉంది. దాన్నీ దాచుకోను.

2002 డిసెంబరులో హనోయ్ నగరం నడిబొడ్డున, హోవాంగ్ జ్యూ వీధిలో 18వ నెంబరు స్థలంలో తవ్వకం మొదలైంది. అక్కడ కొత్త జాతీయసభా భవనం కట్టాలని తలపెట్టారు. పునాదులు తీసే ముందు పురావస్తు శాస్త్రజ్ఞులను దింపారు. తవ్విన కొద్దీ పొర కింద పొర బయటపడింది. చైనా తాంగ్ చక్రవర్తుల పాలనలో ఉన్నప్పటి దైలా కోట పొర, దానిపైన లీ వంశం, ఆపైన త్రాన్ వంశం, ఆపైన లే వంశం. పదమూడు వందల ఏళ్ళ చరిత్ర ఆ మట్టిలో ఇమిడి ఉంది. సుమారు 19 వేల చదరపు మీటర్లు తవ్వారు. సభాభవనం ఎక్కడ కట్టాలన్న చర్చ ఏళ్ళ తరబడి సాగింది. చివరకు ఆ స్థలంలో తవ్వకాన్ని కాపాడుకుని భవనాన్ని పక్కన కట్టారు. 2014లో అది పూర్తయింది. 2010లో, ఆ రాజధానికి వెయ్యేళ్ళు నిండిన ఏడాది, థాంగ్ లాంగ్ కోటను ప్రపంచ వారసత్వ స్థలాల జాబితాలో చేర్చారు. అదే కోట ఆవరణలో 1967లో కట్టిన ఒక చిన్న సైనిక భవనం, దాని కింద నేలమాళిగ ఉన్నాయి. అమెరికాతో యుద్ధం నడిపిన నాయకత్వం సమావేశమైన చోటు అది. మా ముందుతరం కవులకు తెలిసిన వియత్నామూ, తెలియని వియత్నామూ ఒకే ప్రహరీలో ఉన్నాయన్నమాట.

ఇంతకూ ఏం దొరికింది? మేడలు కాదు. ఆ నగరులన్నీ కొయ్యతో కట్టినవి. కాలిపోయాయి, కూలిపోయాయి, కూల్చేశారు. దొరికినవి స్తంభాలు నిలిచిన గోతులు, తామరరేకులు చెక్కిన రాతిపీటలు, ఇటుక పరిచిన నడవలు, కాలవలు, బావులు, కప్పు మీది పెంకులు, రావి ఆకు ఆకారంలో చేసి లోపల డ్రాగన్‌నో ఫీనిక్స్‌నో తీర్చిన మట్టిబొమ్మలు. ఒక మహాకావ్యంలో పద్యాలన్నీ పోయి యతిస్థానాలు మాత్రమే మిగిలితే ఎలా ఉంటుందో అలా ఉంది. స్తంభం ఎక్కడుందో తెలుస్తుంది, ఎంత ఎత్తున్నదో తెలియదు.

ఆ గోతుల దగ్గర కొంచెం ఆగాలి. లీ వంశపు కట్టడాల్లో ఒక్కొక్క స్తంభం కోసం మీటరుకు పైగా వెడల్పున చదరంగా గొయ్యి తీసి, అందులో గులకరాళ్ళూ బంకమట్టీ వరసలు వరసలుగా పోసి, దిమ్మిసలతో గట్టిపరిచి, ఆపైన రాతిపీట పెట్టి స్తంభం ఎత్తారు. తర్వాత వచ్చిన త్రాన్ కాలపు గోతుల్లో గులకరాళ్ళకు బదులు పగిలిన ఇటుకముక్కలు, పెంకుముక్కలు ఎక్కువగా కనిపిస్తాయి. ఎందుకింత శ్రమ? అది ఎర్రనది తెచ్చి పోసిన ఒండ్రునేల. మెత్తటి నేలమీద బరువైన పెంకుటికప్పు మోసే స్తంభం నిలబడాలంటే ముందు దాని కింద నేలను తయారుచేసుకోవాలి.

ఇప్పుడు ఆ రాజధానికి పుట్టుపత్రం వంటి రచన దగ్గరకు వద్దాం. 1010లో లీ థాయ్ తో అనే రాజు కొండలమధ్యనున్న హోవా లూ నుంచి రాజధానిని దైలాకు మారుస్తూ ఒక ఉత్తర్వు వెలువరించాడు. చైనా లిపిలో రెండువందల పైచిలుకు అక్షరాల వచనం. వియత్నాం సాహిత్య చరిత్రలన్నీ దానితోనో, దాని చుట్టుపక్కలనో మొదలవుతాయి. చిన్న రచనే గాని పొందికైన రచన. పూర్వం చైనా రాజులు రాజధానులు మార్చిన ఉదాహరణలు చూపుతాడు. తనకు ముందున్న దిన్, లే వంశాలు మార్చకుండా కూర్చుని చెడిపోయాయంటాడు. దైలా దేశానికి నడిమధ్య ఉంది, నేల విశాలం, సమతలం, ఎత్తు, అక్కడ జనానికి ముంపుబాధ లేదంటాడు. చివర ‘మీరేమంటారు’ అని అధికారులనే అడుగుతాడు. రాజు అడిగితే కాదనేవారెవరు? అయినా ఆ ప్రశ్నతో ముగించడంలో ఒక రాజకీయజ్ఞుడి నేర్పు ఉంది. డ్రాగన్ పైకి లేచిన కథ, థాంగ్ లాంగ్ అన్న పేరు ఆ తర్వాత వచ్చాయి.

నేనీ ఉత్తర్వును ఇంగ్లీషు అనువాదాల్లో చదివాను. రచన గట్టిదే. కాని దాన్ని తవ్వకం పక్కన పెట్టి చదివితే, ఎత్తయిన గట్టినేల అన్న వర్ణన మీద గులకరాళ్ళ గొయ్యి ఒక వ్యాఖ్య రాసినట్లుంటుంది. రాజు అబద్ధమాడాడని కాదు. రాజధానికి తగిన నేల ఉత్తర్వులో ముందే సిద్ధంగా ఉంది. వాస్తవంలో దాన్ని ఎవరో తట్టలతో మోసి, దిమ్మిసలతో కొట్టి సిద్ధం చేయవలసి వచ్చింది. భూస్వామ్య సాహిత్యం శ్రమను తిట్టదు, కించపరచదు. దాన్ని భూమి గుణంగా మార్చేస్తుంది. మన ప్రబంధాల్లోని పురవర్ణనలు చదివే విద్యార్థులు ఈ కిటుకును అక్కడా గమనించవచ్చు.

తర్వాతి ఘట్టం విషాదానిది. 1802లో అధికారానికొచ్చిన గియా లాంగ్ రాజధానిని హ్యూ నగరానికి తరలించాడు. 1805లో థాంగ్ లాంగ్ పాత ప్రాకారాలు పడగొట్టించి, ఫ్రెంచి పద్ధతిలో చిన్నకోట కట్టించాడు. ఆ చిన్నకోటనూ ఆ శతాబ్దం చివర ఫ్రెంచివాళ్ళు చాలామటుకు కూల్చారు. 15వ శతాబ్దంలో లే రాజులు కట్టిన కింథియెన్ మందిరం స్థానంలో తమ ఫిరంగిదళ కార్యాలయం కట్టుకున్నారు. 1467లో చెక్కిన రాతి డ్రాగన్ల మెట్లు మాత్రం మిగిలాయి. ఎక్కితే మందిరం లేదు.

ఈ శిథిలాల మీద ఇద్దరు పెద్దకవులు రాశారు. న్యుయెన్ జూ 1813లో రాయబారిగా చైనా వెళ్తూ ఈ ఊరిమీదుగా ప్రయాణించాడు. చైనా భాషలో రాసిన కవితలో కొత్తకోట పాతనగరును కనబడకుండా చేసిన సంగతి సూటిగా చెప్పాడు. ఇది వర్ణన కాదు, నివేదిక. రెండు శతాబ్దాల తర్వాత తవ్వకం రుజువుచేసింది దాన్నే. రెండో కవి బా హుయెన్ థాన్ క్వాన్. ఎనిమిది పాదాల పద్యంలో ఈమె థాంగ్ లాంగ్‌ను తలచుకుంటుంది. గడ్డి, సాయంకాలపు ఎండ, మార్పు చూసి చలించని రాయి. పద్యం అందమైనది, అందులో సందేహం లేదు. కాని ఆ దుఃఖం ఎవరిది? పోయిన కొలువు కోసం ఉద్యోగి కుటుంబం పడే దుఃఖం. రథాలు తిరిగిన బాట ఆమెకు గుర్తుంది. బాట వేసినవాళ్ళు లేరు. మన ‘హంపీక్షేత్రము’ దగ్గరనుంచి ఎన్నో ఖండకావ్యాలను ఇదే దారిలో విమర్శించాం. నేనూ విమర్శించాను. ఆ విమర్శ తప్పని ఇప్పటికీ అనుకోను.

కాని ఒక్కమాట. బా హుయెన్ థాన్ క్వాన్ అన్నది పేరు కాదు. థాన్ క్వాన్ జిల్లా అధికారి భార్య అని అర్థం. ఆమె అసలు పేరు న్యుయెన్ థి హిన్. లోకానికి మిగిలింది భర్త ఉద్యోగం, ఊరు. ఆమె పద్యంలో కూలీ పేరు లేదని నిలదీసే ముందు, పద్యం కింద ఆమె పేరే లేదని మనం గమనించామా? నేను చాలా ఆలస్యంగా గమనించాను.

పేర్ల ప్రస్తావన వచ్చింది కనుక హో కోట దగ్గరకు వెళ్ళాలి. హనోయ్‌కి దక్షిణాన థాన్‌హోవా ప్రాంతంలో 1397లో హో క్వీ లీ కట్టించిన రాతికోట ఇది. అప్పటికి పేరుకు రాజు త్రాన్ వంశీయుడే, చక్రం తిప్పింది ఇతను. మూడు నెలల్లో పని ముగించారని చరిత్ర చెబుతుంది. ఒక్కొక్క పక్క ఎనిమిది వందల మీటర్లు దాటిన చతురస్రం. గోడలోని రాళ్ళలో పది టన్నులు దాటినవి ఎన్నో ఉన్నాయి. వాటిని దొర్లించడానికి వాడారని చెప్పే రాతిగుండ్లు దొరికాయి. అక్కడి తవ్వకాల్లోనే ఊళ్ళ పేర్లు అచ్చువేసిన ఇటుకలు బయటపడ్డాయి. ఏ ఊరు ఇటుక ఆ ఊరి పేరుతో.

ఇది చదివిన రోజు నేను పొంగిపోయాను. శ్రీశ్రీ ‘దేశచరిత్రలు’లో అడిగిన ప్రశ్నకు ఇటుకలే జవాబు చెబుతున్నాయనిపించింది. థాంగ్ లాంగ్ ఇటుకలమీద రాజులేగదా! 1057లో చేసిన ఒక ఇటుకమీద లీ వంశపు మూడో చక్రవర్తి అని, ఆయన శకసంవత్సరం అని ఉంటుంది. అంతకుముందు కాలపు ఇటుకమీద ‘దైవియెత్ దేశపు సైనికకోట ఇటుక’ అని ఉంటుంది. ఇక్కడ మాత్రం ఊరు! మా సంఘం శాఖా సమావేశంలో ఇదంతా ఆవేశంగా చెప్పాను. ప్రజలు తమ సంతకాన్ని రాజకోటలో దాచారని కూడా అన్నాను. చప్పట్లు కొట్టారు.

చప్పట్లయ్యాక వెనక వరుసలోంచి ఒకాయన లేచాడు. ఇటుకబట్టీలో చాలాకాలం పనిచేసిన మనిషి. పాటలు కడతాడు, వ్యాసాలు రాయడు. “మాస్టారూ, ఆ పేరు వాళ్ళేసుకున్నారా, వేయించారా?” అన్నాడు. నేను తడబడ్డాను. “మా బట్టీలో అచ్చులో ఉండేది షావుకారు పేరండీ. పక్కబట్టీ సరుకుతో కలిసిపోకుండా. మా పేర్లు మేస్త్రీ పుస్తకంలో ఉండేవి. ఎందుకూ? ఇటుక వంకరొస్తే కూలి కొయ్యడానికి.” అంతే అని కూర్చున్నాడు.

ఇంటికెళ్ళి మళ్ళీ చదివాను. హో కోట నాటికే చైనాలో, 14వ శతాబ్దం ఉత్తరార్ధంలో, నాంజింగ్ నగరప్రాకారం కట్టారు. దాని ఇటుకలమీద జిల్లా పేరు, పర్యవేక్షించిన అధికారి పేరు, కొన్నిటిమీద ఇటుక చేసినవాడి పేరు కూడా ఉన్నాయి. నాణ్యత చెడితే ఎవరిని పట్టుకోవాలో తెలియడానికి. హో కోట ఇటుకల మీది ఊరిపేరునూ ఈ వెలుగులోనే చదవాలని నా అభిప్రాయం. ఆ ఊరి వాటా ఇన్ని ఇటుకలు, అవి వచ్చాయా, గట్టివేనా? అది సంతకం కాదు, వెట్టి లెక్క. శ్రామికుడి పేరు చరిత్రలో లేదని మనం బాధపడతాం. ఉన్నచోట అది ఎందుకుందని అడగం. జనాభా లెక్కలో, పన్నుచిట్టాలో, శిక్షాపట్టీలో పేదవాడి పేరు ఎప్పుడూ ఉంటూనే ఉంది.

నా పొరపాటు ఎక్కడుందంటే, కావాలనుకున్న అర్థాన్ని ముందే చేతబట్టుకుని ఇటుకను చదివాను. రాజు నేలను చదివినట్లే.

హో క్వీ లీ విషయంలోనూ ఈ తొందరపాటు పనికిరాదు. 1396లో కాగితపు డబ్బు తెచ్చాడు. 1397లోనే, అంటే కోట కట్టిన ఏడాదే, సామాన్యులెవరూ పది మౌలకు మించి భూమి ఉంచుకోరాదని పరిమితి విధించాడు. భూపరిమితి చట్టం అన్న మాటతో పెరిగిన మనం ఆ వాక్యం దగ్గర ఆగకుండా ఉండలేం. అదే చేత్తో ఊళ్ళమీద ఇటుకలు విధించి, మూడునెలల్లో కోట లేపించాడు. పదేళ్ళకు మింగ్ సైన్యాలొచ్చి 1407లో అతన్ని పట్టుకుపోయాయి. ఆ తర్వాత అతని చరిత్ర రాసింది లే వంశపు ఆస్థానంలోని న్గో సీ లియెన్ వంటివారు. 1479లో ముగిసిన ఆ చరిత్ర అతన్ని సింహాసనం దొంగిలించినవాడిగానే చూసింది. కనుక అతన్ని దుర్మార్గుడని తేల్చినా, సంస్కర్త అని నెత్తికెత్తుకున్నా ఎవరో ఒకరి ఆస్థానంలో కూర్చున్నట్లే అవుతుంది.

రాతకు బయట మరో సాక్ష్యం ఉంది. తూర్పుగోడ దగ్గర బిన్ ఖువాంగ్ అనే ఆమెకు చిన్న గుడి ఉంది. ఆ గోడ కట్టించే బాధ్యత ఆమె భర్తది. గోడ మాటిమాటికీ కూలింది. కావాలని ఆలస్యం చేస్తున్నాడని అతన్ని గోడలోనే సమాధి చేశారట. ఆమె వచ్చి రాతికేసి తల బాదుకుని ప్రాణం విడిచిందట. తల, చేతులు తగిలి గుంటపడిందని చెప్పే రాయి గుడిలో ఉంది. గుంట అలా పడదని పురావస్తు శాస్త్రం చెబుతుంది, ఆ మాట నిజమే. కాని గోడ కూలితే ఎవరిని పట్టుకోవాలో అన్న లెక్క ఇటుకమీద ఉంటే, అలా పట్టుకున్నప్పుడు ఏమయిందన్నది ఈ కథలో ఉంది. ఒకటి దొరల దస్తావేజు, రెండోది దాని కింద నలిగిన ఇంటి సాక్ష్యం. రెంటినీ ఎదురెదురుగా పెట్టి చదవాలే తప్ప, ఒకదాన్ని శాస్త్రమనీ ఇంకోదాన్ని మూఢనమ్మకమనీ విడదీస్తే మనకు సగమే అందుతుంది. ఆమె భర్త కూలీ కాడు, చదువుకున్నవాడు. అయినా ఊళ్ళవాళ్ళు ఆ కథనే ఎందుకు దాచుకున్నారో జానపద సాహిత్యం మీద పనిచేసే మిత్రులు ఆలోచించాలి.

హనోయ్‌లో కింథియెన్ మందిరాన్ని మళ్ళీ నిలబెట్టాలన్న ప్రయత్నం కొన్నేళ్ళుగా సాగుతోంది. గోతుల కొలతలు, మట్టిబొమ్మ నమూనాలు, పాతగుళ్ళ దూలాలు పోల్చి పైకప్పును ఊహిస్తున్నారు. ఆ పండితుల శ్రద్ధను శంకించను. నా మట్టుకు నాకు మందిరం లేని ఆ మెట్లే ఎక్కువ చెబుతాయి. ఇది పరాయివాడి మాట. వాళ్ళ దేశం, వాళ్ళ ఇష్టం.

వచ్చే శాఖా సమావేశంలో లీ థాయ్ తో ఉత్తర్వును తెలుగు చేసి చదువుతానన్నాను. బట్టీ మిత్రుణ్ణి దానిమీద మాట్లాడమని అడిగితే ముందు వద్దన్నాడు. తర్వాత, ఆ స్తంభాల గోతుల్లో గులకరాళ్ళు ఏ సైజువో, అవి ఎంతదూరంనుంచి మోసుకొచ్చారో కనుక్కుని చెబితే మాట్లాడతానన్నాడు. కనుక్కుంటున్నాను.