పాట ఆగే చోటు

రామచంద్రపురంలో డిగ్రీ చదువుతున్న రోజుల్లో వర్డ్స్‌వర్త్ డాఫొడిల్ పూల పద్యం మాకు పాఠం. కవి ఒంటరిగా తిరుగుతూ సరస్సు పక్కన వేల పూలు చూశాడని, ఆ ఏకాంతమే ఆయన సంపద అని మాస్టారు చెప్పారు. మేం శ్రద్ధగా రాసుకున్నాం. ఆ రోజు ఆయన ఒంటరిగా లేడని నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. 1802 ఏప్రిల్ 15న అల్స్‌వాటర్ సరస్సు గట్టున ఆయన పక్కనే చెల్లెలు డొరతీ నడుస్తోంది. పూలు గాలికి ఎలా ఊగాయో, కొన్ని పూలు అలిసిపోయినట్టు రాళ్ళ మీద ఎలా తల వాల్చాయో తన దినచర్య పుస్తకంలో రాసుకున్నది ఆమె. అన్నగారు పద్యం కట్టింది 1804లో, అచ్చయింది 1807లో. అందులో అందరూ ఎక్కువగా మెచ్చుకునే రెండు పాదాలు తన భార్య మేరీ ఇచ్చినవని ఆయనే చెప్పాడు. ఏకాంతం మీద రాసిన పద్యంలో ఇద్దరు ఆడవాళ్ళున్నారు. డొరతీ రాసుకున్న ఆ పుస్తకం మాత్రం ఆమె బతికుండగా అచ్చు కాలేదు.

అప్పటినుంచి మన గోదావరి జిల్లాల కవిత్వాన్ని కూడా ఆ కంటితోనే చదువుతున్నాను. భావకవిత్వం పుట్టి పెరిగిన నేల ఇది. కాకినాడ, పిఠాపురం, రాజమండ్రి, కోనసీమ, ఎటు తిరిగినా ఒక కవి ఊరు తగులుతుంది. షెల్లీ, కీట్సు, వర్డ్స్‌వర్త్ మన కవుల మీద చూపిన ప్రభావం గురించి విమర్శకులు బోలెడు రాశారు. ఆ కవులు పుట్టిన ఇళ్ళలో అప్పటికే వందేళ్ళుగానో అంతకు ముందునుంచో ఆడవాళ్ళు పాడుకుంటున్న పాటల గురించి రాసినవాళ్ళు తక్కువ. తెలుగులో రొమాంటిక్ కవిత్వానికి ఇంగ్లీషు పాఠం ఎంత మూలమో, వంటింటి పాట కూడా అంతే మూలమని నా నమ్మకం. ఆ పాటకు వారసులు ఎవరంటే మన కవయిత్రులే.

ఇంగ్లీషులో కూడా ఆడవాళ్ళు ఈ కవిత్వానికి ఆలస్యంగా వచ్చినవాళ్ళు కారు. షార్లట్ స్మిత్ విషాద గీతాలు 1784లోనే వచ్చాయి. వర్డ్స్‌వర్త్ అప్పటికింకా బళ్ళో చదువుకునే పిల్లవాడు. మేరీ షెల్లీ 'ఫ్రాంకెన్‌స్టైన్' 1818లో పేరు లేకుండా వచ్చింది. ఎమిలీ బ్రాంటీ 1847లో తన నవలను ఎలిస్ బెల్ అనే పేరు చాటున అచ్చు వేయించింది. మన దేశంలో తోరూ దత్ 1876లో ఫ్రెంచి కవితల అనువాదాలు ప్రచురించి, మరుసటి ఏడాది ఇరవై ఒక్క ఏళ్ళకే కన్నుమూసింది. హైదరాబాదులో పుట్టిన సరోజినీ నాయుడు తొలి కవితా సంపుటి 1905లో వచ్చింది. వీళ్ళందరికీ ఇంట్లో చదువు ఉంది, పుస్తకాలు ఉన్నాయి.

మన డెల్టాలో సంగతి వేరు. 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. కాలవలు వచ్చాయి, రెండు పంటలు పండాయి, మగపిల్లలు రాజమండ్రికీ కాకినాడకీ చదువులకు వెళ్ళారు. ఆడపిల్లకు అక్షరం రావడానికి ఇంకా పోరాటమే జరిగింది. కందుకూరి వీరేశలింగం గారు ధవళేశ్వరంలో బాలికల పాఠశాల పెట్టింది 1874లో, ఆడవాళ్ళ కోసం 'సతీహితబోధిని' పత్రిక మొదలుపెట్టింది 1883లో. 1902లో ఏలూరు నుంచి సత్తిరాజు సీతారామయ్య గారు 'హిందూసుందరి' తెచ్చారు. కొద్దికాలానికే దాని సంపాదకత్వం మొసలికంటి రమాబాయమ్మ గారూ, వెంపలి శాంతాబాయి గారూ చేపట్టారు. పులుగుర్త లక్ష్మీనరసమాంబ గారు కాకినాడ నుంచి 'సావిత్రి' నడిపారు. బండారు అచ్చమాంబ గారి కథ 'ధనత్రయోదశి' ఆ 'హిందూసుందరి'లోనే 1902లో వచ్చింది.

ఆ తరం ఆడవాళ్ళు అచ్చులో ఎక్కువగా రాసింది చదువు గురించి, ధర్మం గురించి, పతివ్రతల చరిత్రల గురించి. వాళ్ళను తప్పుపట్టను. కలం పట్టుకోవడమే నేరమైన చోట ముందు ఆ కలానికి మర్యాద సంపాదించి పెట్టాలి. కానీ మనసులోని మాట, విరహం, అలక, కోరిక, భయం, ఇవన్నీ అచ్చులోకి రాలేదు కదా, ఎక్కడికి పోయాయి? పాటలోనే ఉండిపోయాయి. పంతొమ్మిదో శతాబ్దపు తెలుగు ఆడవాళ్ళ రొమాంటిక్ సాహిత్యం వెతకాలంటే అలమరలో దొరకదు. దంపుడు రోలు దగ్గర, తిరగలి దగ్గర, ఉయ్యాల దగ్గర దొరుకుతుంది.

ఊర్మిళాదేవి నిద్ర పాట మీలో చాలామంది వినే ఉంటారు. వాల్మీకి దాదాపు మరిచిపోయిన మనిషి ఊర్మిళ. పాట కట్టిన ఆడవాళ్ళు మరిచిపోలేదు. మొగుడు అన్నగారి వెంట అడవికి పోతే ఆమె పద్నాలుగేళ్ళు నిద్రపోయింది. తిరిగి వచ్చాక కూడా లక్ష్మణుడికి ఆమె దగ్గరకు వెళ్ళే తీరిక లేదు. సీత రాముడికి గుర్తు చేస్తే, రాముడు పంపిస్తే అప్పుడు వెళ్ళాడు. వెళ్ళి మంచం మీద కూర్చుని పలకరిస్తే, ఆమె కళ్ళు తెరవకుండానే ఎవరో పరాయి మగవాడు వచ్చాడనుకుంటుంది. అయ్యా, మీరెవరు, మా తండ్రిగారికి తెలిస్తే మీకు శిక్ష తప్పదు, పరస్త్రీని కోరిన ఇంద్రుడు ఏమయ్యాడు, రావణుడు ఏమయ్యాడు అని నిలదీస్తుంది. ఆ మాటలన్నీ కట్టుకున్న భర్తకే తగులుతున్నాయి. ఆయన నేనే నీ మగణ్ణని చెప్పుకుని, నమ్మకపోతే కత్తితో ప్రాణం తీసుకుంటానంటాడు.

ఇందులో పనితనం చూడండి. పద్నాలుగేళ్ళు నన్ను వదిలేసి పోయావు అని భర్తను ముఖాముఖి అడగడం ఆ ఇళ్ళలో కుదరదు. అందుకని పాట ఆమెను నిద్రలో ఉంచింది. నిద్రలో ఉన్న మనిషి ఎవరితో మాట్లాడుతోందో తెలియక మాట్లాడుతుంది కాబట్టి ఏమన్నా తప్పు లేదు. ఆమె మర్యాద తప్పలేదు, చెప్పాల్సిన మాట చెప్పకా మానలేదు. నువ్వు నాకు పరాయివాడివైపోయావు అన్నది ఎక్కడా ఆ మాటల్లో అనకుండానే పాట మొత్తం అదే అంటుంది. ఇంతటి ఉపాయం ఏ అలంకార శాస్త్రంలో దొరుకుతుంది?

లక్ష్మణదేవర నవ్వు పాటలో కూడా ఇలాంటిదే ఇంకో కిటుకు. నిండు కొలువులో లక్ష్మణుడు ఉన్నట్టుండి నవ్వుతాడు. ఎందుకు నవ్వాడో ఎవరికీ తెలియదు. కొలువులో ప్రతివాళ్ళూ తమ లోపాన్ని తలుచుకునే నవ్వాడనుకుని లోలోపల ముడుచుకుపోతారు. ఆయన నవ్వింది నిజానికి నిద్రాదేవిని చూసి. ఒక్క నవ్వుతో పెద్దపెద్ద వాళ్ళ మనసులన్నీ తెరిచి చూపించారు పాట కట్టినవాళ్ళు. మనిషి లోపలి లోకాన్ని కవిత్వానికి వస్తువు చేయడమే రొమాంటిక్ కవిత్వం చేసిన పెద్ద పని అంటారు. పేరు తెలియని మన ముత్తవ్వలు ఆ పని ఎప్పుడో చేశారు. 1955 ప్రాంతాల్లో 'కృష్ణశ్రీ' పేరుతో శ్రీపాద గోపాలకృష్ణమూర్తి గారు ఈ రామాయణపు పాటలను శ్రమపడి ఒకచోట చేర్చారు. లేకపోతే వీటిలో ఎన్ని మనకు మిగిలేవో.

ఇక భావకవిత్వం సంగతి. వర్డ్స్‌వర్త్ 1800లో తన కవితల పుస్తకానికి రాసిన పీఠికలో పల్లె జనం మాట్లాడే భాషే కవిత్వానికి తగిన భాష అని వాదించాడు. మన భావకవులు ఆయన ప్రకృతిని తీసుకున్నారు, ఏకాంతాన్ని తీసుకున్నారు, విషాదాన్ని తీసుకున్నారు. ఆ ఒక్క వాదాన్ని మాత్రం ఎక్కువమంది తీసుకోలేదు. కృష్ణశాస్త్రి గారి 'కృష్ణపక్షం' నాకు ప్రాణం. ఆ పద్యాలు చదివితే ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది. అయినా ఆ ప్రేయసి ఊహలో మనిషి. ఆమెకు ఊరు లేదు, ఇంటిపేరు లేదు, పొద్దున్నే లేచి ఊడ్చాల్సిన వాకిలి లేదు. ఆమె తిరిగి ఒక్క మాట మాట్లాడదు. గురజాడ, బసవరాజు అప్పారావు, నండూరి సుబ్బారావు వంటి కొందరే పాట నడకను, నోటి మాటను నమ్మారు. నండూరి వారి ఎంకి నోరున్న పిల్లే. కానీ ఆ నోరు కూడా ఒక మగకవి ఇచ్చినదే.

ముద్దుకృష్ణ 1935లో తెచ్చిన 'వైతాళికులు' సంకలనంలో కవుల మధ్య చావలి బంగారమ్మ గారు కనిపిస్తారు. రామచంద్రపురం నుంచి కోటిపల్లి రేవుకు వెళ్ళి గౌతమి దాటితే కోనసీమ. అక్కడి మోడేకుర్రు కొంపెల్ల వారి ఆడపడుచు ఆమె. శ్రీశ్రీ 'మహాప్రస్థానం' అంకితం పొందిన కొంపెల్ల జనార్దనరావు ఈమె తమ్ముడు. 'ఉదయిని' పత్రిక నడిపి, 1937లో క్షయతో చిన్నవయసులోనే పోయాడు. అక్క కవిత్వాన్ని లోకానికి చూపించాలని తపన పడ్డవాడు ఆయన. డొరతీ రాతను అన్న తన పద్యంలో కలుపుకుంటే, ఇక్కడ తమ్ముడు అక్క పేరుతోనే అక్క కవితలను ముందుకు తెచ్చాడు. ఈ తేడా నాకు చిన్నదిగా కనిపించదు.

బంగారమ్మ గారి కవితలు చిన్నవి. సమాసాలు లేవు, సంబోధనల ఆడంబరం లేదు. 'కప్పతల్లి పెళ్ళి' తీసుకోండి. వానలు పడకపోతే మన పల్లెల్లో ఆడవాళ్ళు కప్పను రోకలికి కట్టి, వేపమండలు చుట్టి, ఇంటింటికీ తిప్పేవాళ్ళు. ప్రతి ఇల్లాలూ బిందెడు నీళ్ళు దాని మీద పోసేది. కాలవలు వచ్చినా వాన కోసం కళ్ళు కాయలు కాసిన రోజులు పోలేదు. ఇది ఆడవాళ్ళూ పిల్లలూ చేసే వేడుక, అందులో వాళ్ళ పాట వాళ్ళకుంది. బంగారమ్మ గారు ప్రకృతి గురించి రాయాలనుకున్నప్పుడు సరస్సు దగ్గరకో, వెన్నెల తోటలోకో వెళ్ళలేదు. వాన అంటే ఆమెకు నీళ్ళు మోసిన చేయి, పంట, పిల్లల కేరింత. చూసేవాడికీ చూడబడే ప్రకృతికీ మధ్య భావకవిత్వంలో ఉండే దూరం ఆమె కవితలో లేదు. ఆమె ఆ వానలో నిలబడి ఉంది.

నడక కూడా చూడాలి. పాట లయ పని లయ నుంచి వచ్చింది. రోకలి లేచి పడే దెబ్బ, తిరగలి తిరిగే చుట్టు, కవ్వం వెనక్కీ ముందుకీ లాగే లాగుడు, ఇవే మాత్రలు. మూడూ నాలుగూ కలిసిన మిశ్రగతిని గురజాడ ముత్యాలసరం చేసి 1910లో లోకానికి ఇచ్చారు. ఆ గతి చెవికి కొత్త కాకపోవడానికి కారణం మన అమ్మమ్మల పాటల్లో అది ముందే ఆడుతూ ఉండటం. ఒకే మాట మళ్ళీ మళ్ళీ రావడం పండితుడికి పునరుక్తి దోషం. పాటలో అది ఊపిరి తీసుకునే జాగా. బంగారమ్మ గారు ఆ జాగాను ధైర్యంగా వాడుకున్నారు.

సౌదామిని గారి కథ ఇంకో రకం. ఆమె అసలు పేరు బసవరాజు రాజ్యలక్ష్మమ్మ, కవి అప్పారావు గారి భార్య. సౌదామిని అంటే మెరుపు. ఎమిలీ బ్రాంటీ మారుపేరు చాటుకు వెళ్తే ఈమె మెరుపు చాటుకు వెళ్ళింది. తర్వాత 'అప్పారావుగారూ నేనూ' అని జ్ఞాపకాలు రాసినప్పుడు ఆ చాటు కూడా వదిలేసింది. మనం పాడుకునే పాటల వెనక ఒక ఇల్లాలు ఏమేం మోసిందో తెలియాలంటే ఆ పుస్తకం చదవాలి. తల్లాప్రగడ విశ్వసుందరమ్మ గారు జాతీయోద్యమంలో జైలుకు వెళ్ళారు, జైలు గడియారం మీద కవిత రాశారు. భావకవి ఏకాంతాన్ని కోరి తెచ్చుకుంటాడు. ఆమెకు ఏకాంతాన్ని సర్కారు విధించింది. అక్కడ కాలం గడవడం అన్నది ఊహ కాదు, గంటల లెక్క.

రామచంద్రపురం ఈ సంప్రదాయానికి దగ్గరి చుట్టం. భావకవిత్వపు మలితరంలో పేరున్న ఇంద్రగంటి హనుమచ్ఛాస్త్రి గారు ఇక్కడే తెలుగు చెప్పారు. వారబ్బాయి శ్రీకాంతశర్మ గారు 1944లో పుట్టింది ఈ ఊళ్ళోనే. ఇక్కడికి దగ్గరే ఉన్న పొలమూరు శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి గారిది. ఆయన కథల్లో ఆడవాళ్ళు మాట్లాడితే మా పక్కింటి అరుగు మీద మాట్లాడినట్టే ఉంటుంది. ఆ వచనానికి బలం ఇంటి ఆడవాళ్ళ తెలుగు. ఈ ప్రాంతం పిల్లలు బడిలో షెల్లీతోపాటు ఆ తెలుగును కూడా విని తీరాలని నేను గట్టిగా అంటాను.

కొన్నేళ్ళ కిందట మా దొడ్డ పాడే ఊర్మిళ పాటను టేపు మీద ఎక్కిద్దామని ద్రాక్షారామం వెళ్ళాను. వంటింట్లో పీట వేసుకుని కూర్చున్నాను. పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. దొడ్డ గరిటె చేత్తోనే పాడుతోంది. గొంతు సన్నబడింది కానీ ఒక్క మాట తడబడలేదు. ఊర్మిళ నిద్రలో అడిగే మాటలన్నీ అడిగేసింది. లక్ష్మణుడు నేనే నీ మగణ్ణని చెప్పుకునే చోటికి వచ్చింది. అక్కడ ఆగిపోయింది.

"తర్వాతది చెప్పు దొడ్డా, ఆవిడ లేస్తుంది కదా" అన్నాను.

"లేస్తుందిలేవే. మా అమ్మ ఎప్పుడూ ఇక్కడి దాకానే పాడేది. ఈపాటికి అన్నం ఉడికేది" అని గుడ్డతో గిన్నె పట్టుకుని గంజి వంచడానికి లేచింది.