గమకం నిలిచే పికప్పు

ఎలక్ట్రిక్ గిటారు చేతికొచ్చిన కొన్నాళ్లకు చెన్నైలోని అంబత్తూరు, కొరట్టూరు, పాడి వైపు నేర్చుకునే పిల్లల నోట తరచూ వచ్చే ప్రశ్న ఒకటుంది. సినిమా పాటలకు బాగానే ఉన్న గిటారు, వర్ణం ఎత్తుకోగానే కీచుగా, పలచగా పలుకుతోంది. పికప్పులు మారిస్తే నాదం నిండుగా వస్తుందా? వస్తుంది. అయితే ఏది కొనాలన్నది కంపెనీల పేర్లు చదివితే తేలదు. మీటిన తర్వాత తీగ ఎంతసేపు మోగాలి, మోగినంతసేపూ ఎడమచేతి వేలు దానితో ఏం చేయబోతోంది అన్నది ముందు తేల్చుకోవాలి. మన కర్ణాటక సంగీతంలో మీటుతో స్వరం మొదలవుతుంది, అంతే. దానికి రూపం వచ్చేది ఆ తర్వాత నడిచే గమకంలో. పికప్పు ఎంపికా అక్కడి నుంచే మొదలవ్వాలని నా గట్టి నమ్మకం.

దీనికి పాలకొల్లు కుర్రవాడి మాండొలిన్ కంటే గొప్ప సాక్ష్యం లేదు. ఉప్పలపు శ్రీనివాస్ 1969లో అక్కడ పుట్టారు. తండ్రి సత్యనారాయణ క్లారినెట్ విద్వాంసులు. గురువు రుద్రరాజు సుబ్బరాజుగారికి మాండొలిన్ వాయించడం రాదు. ఆయన పాడి వినిపిస్తే పిల్లవాడు దాన్ని తీగమీద పట్టుకునేవాడు. అంటే గొంతులోని ప్రతి వంపూ వాద్యంలో పలకాల్సిందే, తప్పించుకునే దారి లేదు. మామూలు మాండొలిన్ అందుకు ఒప్పుకోదు. దానికి నాలుగు జతలుగా ఎనిమిది తీగలుంటాయి. రెండు తీగల్ని ఒకే శ్రుతిలో కలిపి లాగడం కష్టం. బోలు పెట్టె తీగలోని శక్తిని తొందరగా గాలిలోకి పంపేస్తుంది కాబట్టి స్వరం ఇట్టే ఆరిపోతుంది. పాశ్చాత్యులు అదే స్వరాన్ని గబగబా పైకీ కిందికీ మీటుతూ నిలబెడతారు. మనకు అలా కుదరదు, ఒక్క మీటులోనే గమకం పూర్తి కావాలి. శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండొలిన్ తీసుకుని, జతలు తీసేసి ఒంటి తీగలు వేశారు. మంద్రస్థాయి కోసం ఐదో తీగ చేర్చారు. 1978లో గుడివాడలో తొలి కచేరీ, 1981లో మద్రాసు ప్రవేశం, 1998లో పద్మశ్రీ. 2014 సెప్టెంబరు 19న చెన్నైలో కన్నుమూసేనాటికి ఆయన వయసు 45 ఏళ్లే. అంత చిన్న జీవితంలో ఆయన రుజువు చేసినది పెద్దది: కరెంటు వాద్యంలో వినబడే శబ్దాన్ని పెంచే పని పికప్పుదీ, ఆంప్లిఫయరుదీ అయినప్పుడు, తీగ తన శక్తిని తన దగ్గరే దాచుకోగలదు. ఆ దాచుకున్న శక్తిమీదే గమకం నడుస్తుంది.

గిటారుమీద ఇదే బాటలో సుకుమార్ ప్రసాద్, ఆ తర్వాత ప్రసన్న నడిచారు. కచేరీ వేదికమీద వీణకు కాంటాక్ట్ మైకు తగిలించుకోవడం ఇప్పుడు ఎవరికీ వింత కాదు. ఈమని శంకరశాస్త్రిగారి శిష్యుడు చిట్టిబాబు వీణ రికార్డులు విని పెరిగిన చెవికి ఎలాంటి నాదం కావాలో వేరే చెప్పనక్కరలేదు: అంచులు గుచ్చుకోకూడదు, కిందిస్థాయి బురదగా ఉండకూడదు, స్వరం సన్నబడుతున్నా తెగిపోకూడదు.

ఇక పికప్పు లోపలికి వెళ్దాం. అయస్కాంతం, దాని చుట్టూ వేల చుట్లు చుట్టిన సన్నని రాగితీగ, ఉన్నది అంతే. ఉక్కు తీగ కదిలినప్పుడు అయస్కాంత క్షేత్రం కదులుతుంది, కాయిల్లో కరెంటు పుడుతుంది. 1931లో జార్జ్ బోషాంప్ అమెరికాలో హవాయి గిటారు కోసం చేసినదీ ఇదే. సాధారణంగా వాడే తీగ 42 గేజి, మందం సుమారు 0.063 మిల్లీమీటర్లు. స్ట్రాటోకాస్టర్ (స్ట్రాట్) గిటారు పికప్పు ఒక్కదానిలో ఏడెనిమిది వేల చుట్లుంటాయి, విప్పి పరిస్తే కిలోమీటరు దాటుతుంది. ఈ విద్య మా అంబత్తూరుకు దూరమైనది కాదు. 1949లో టీఐ సైకిల్స్, 1964లో పారిశ్రామిక వాడ వచ్చిన ఊరు ఇది. పక్కనే పాడిలో లూకాస్ టీవీఎస్ 1960ల నుంచి వాహనాల స్టార్టరు మోటార్లు, ఆల్టర్నేటర్లు చేస్తోంది. కాలిన మోటారు తెచ్చి వైండింగ్ చేయించుకునే జనానికి కాయిలంటే ఏమిటో పాఠం చెప్పక్కరలేదు.

అంబత్తూరుకు ఇంకో సంగతి కూడా ఉంది. వెల్డింగు మిషన్లు, లేతులు, ట్రాన్స్‌ఫార్మర్లు ఇళ్లకు దగ్గరగా ఉన్న చోట ఒకే కాయిల్ ఉన్న పికప్పు, అంటే సింగిల్ కాయిల్, గుంయ్‌మంటూనే ఉంటుంది. మన కరెంటు 50 హెర్ట్జ్‌ది. ఆ యాభై, దాని రెట్టింపు నూరు, ఇంకా పైవి అన్నీ కాయిల్లోకి దూరతాయి. తంబూర శ్రుతి పక్కన ఈ రొద భరించలేనిది, ఎందుకంటే దాని శ్రుతి మన షడ్జంతో కలవదు. గిబ్సన్ కంపెనీలో సెత్ లవర్ 1955లో పేటెంటుకు దరఖాస్తు పెట్టిన హంబకర్ దీనికి మందు. రెండు కాయిళ్లను ఎదురెదురు దిశల్లో చుట్టి, అయస్కాంత ధ్రువాలనూ తిరగేస్తే, బయటి రొద ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది, తీగ శబ్దం మాత్రం కలిసి పెరుగుతుంది. పేటెంటు 1959లో వచ్చింది. ఈలోగా అమ్మినవాటికి దరఖాస్తు పెట్టామన్న చీటీ అంటించారు. పీఏఎఫ్ అని ఇప్పటికీ పిలిచేది వాటినే.

హంబకర్ మెత్తగా పలకడానికి కారణం రొద పోవడం ఒక్కటే కాదు. ప్రతి పికప్పూ ఒక పౌనఃపున్యం దగ్గర ఎక్కువగా స్పందిస్తుంది. కాయిల్ ఇండక్టెన్సూ, దానికి తగిలించిన కేబుల్ కెపాసిటెన్సూ కలిసి ఆ శిఖరం ఎక్కడుండాలో నిర్ణయిస్తాయి. ఆరు మీటర్ల కేబుల్ పెట్టిన స్ట్రాట్ సింగిల్ కాయిల్‌కు అది దాదాపు 4,000 హెర్ట్జ్ దగ్గర, పాత పద్ధతి హంబకర్‌కు 3,000 దగ్గర ఉంటుంది. మన చెవి బాగా సున్నితంగా ఉండేది సరిగ్గా ఈ మేరలోనే. అందుకే శిఖరం కాస్త కిందికి జరిగితే కీచుదనం పోయి స్వరం నిండుగా అనిపిస్తుంది. మరీ కిందికి జరిగితే మాత్రం సాహిత్యంలో అక్షరాలు మింగేసినట్టుంటుంది. దుకాణంలో కిలో ఓమ్‌లు చూసి కొనేవాళ్లు ఇక్కడే దారి తప్పుతారు. 43 గేజి సన్నతీగ వాడితే చుట్లు పెరగకుండానే ఓమ్‌లు పెరుగుతాయి. ఇండక్టెన్స్ ఎన్ని హెన్రీలో చెప్పిన పికప్పు దొరికితే ఆ అంకెనే నమ్మండి: రెండున్నర దాకా ఉంటే మెరుపు, నాలుగున్నర దగ్గర మెత్తదనం, ఏడెనిమిది దాటితే రాక్ వాయించేవారికి.

అయస్కాంతం సంగతి గమకానికి మరీ ముఖ్యం. అల్నికో అంటే అల్యూమినియం, నికెల్, కోబాల్ట్ కలిపిన మిశ్రలోహం. ఐదో రకం బలమైనది, రెండో రకం మెతక. బలమైన అయస్కాంతం ఉక్కు తీగను తనవైపు లాగుతుంది. తీగ స్వేచ్ఛగా ఊగలేదు, స్వరం తొందరగా ఆరుతుంది, దగ్గరగా ఉంటే శ్రుతి కూడా వణుకుతుంది. అందుకే కర్ణాటక సంగీతానికి అల్నికో రెండు వైపే నా మొగ్గు. సేమూర్ డంకన్ వారి అల్నికో టూ ప్రో ఈ కోవలోది. సిరామిక్ అయస్కాంతంతో, ఎక్కువ చుట్లతో వచ్చే హాట్ రైల్స్ లాంటివి ఈ పనికి కావు. వాటి బలం మీటును ముందుకు తోసి గమకాన్ని వెనక్కి నెడుతుంది.

ఇంకోటి, గిటారు పుస్తకాలు అంతగా పట్టించుకోనిది. తీగను పక్కకు లాగి గమకం పలికించేటప్పుడు తీగ తన కింద పికప్పులో ఉండే ఇనుప మేకు మీద నుంచి జరిగిపోతుంది. గిటారు మెడవైపు ఉండే నెక్ పికప్పు దగ్గర ఈ జరుగుడు ఎక్కువ. విడివిడి మేకులున్న పికప్పులో సరిగ్గా గమకం శిఖరాన శబ్దం తగ్గుతుంది. మేకులకు బదులు ఒకే పట్టీ ఉన్న పికప్పులో తీగ ఎటు జరిగినా కింద ఇనుము ఉంటుంది. 1936లో వచ్చిన గిబ్సన్ ఈఎస్-150లో, చార్లీ క్రిస్టియన్ పేరుతో తర్వాత ప్రసిద్ధమైన పికప్పు అలాంటి పట్టీదే. స్ట్రాట్ గాడిలో సరిపోయే సైజులో పట్టీలున్న హంబకర్లు ఇప్పుడు దొరుకుతున్నాయి. వాటిలో తక్కువ ఔట్‌పుట్‌వి ఎంచుకుంటే నెక్ స్థానానికి అంతకంటే మంచిది లేదని నా అభిప్రాయం. 1946 నాటి గిబ్సన్ పీ-90 పికప్పు నాదం నాకు చాలా ఇష్టం, దాని మధ్యస్థాయి గొంతుకు బాగా దగ్గర. కానీ అది సింగిల్ కాయిలే, రొద తప్పదు.

డబ్బు పెట్టే ముందు చేసి చూడాల్సినవి ఉన్నాయి. పికప్పును కాస్త కిందికి దించండి: చివరి మెట్టు దగ్గర తీగ నొక్కి పట్టి, పికప్పుకూ తీగకూ రెండు మూడు మిల్లీమీటర్లు ఉండేలా. ఉక్కు చుట్టు తీగలు తీసేసి నికెల్ చుట్టు తీగలు వేయండి. జారులో వేలి గీత శబ్దం కూడా తగ్గుతుంది. టోన్ మీట తిప్పి, సగంలో ఆపి వినండి. చాలామందికి సమస్య ఇక్కడే తీరిపోతుంది. తీరకపోతే అప్పుడు పికప్పు. మేకుల మధ్య దూరం కొలిచి వెళ్లండి, హంబకర్లలో 49, 52 మిల్లీమీటర్ల రకాలు రెండూ ఉన్నాయి. మిగతా సరుకుకు లోకల్ ట్రైను ఎక్కి సెంట్రల్‌లో దిగితే ఎలక్ట్రానిక్స్ సామాను దొరికే రిచీ స్ట్రీట్ ఎంతో దూరం లేదు. హంబకర్‌కు 500 కిలో ఓమ్‌ల పాట్ (మీట కింద ఉండే పొటెన్షియోమీటర్) మామూలు. నాదం ఇంకా మెత్తబడాలంటే 250ది పెట్టొచ్చు. లాగ్ రకమే అడగాలి, లేకపోతే మీట తగ్గిస్తూ పోయినప్పుడు చివరి కొసలోనే శబ్దమంతా ఒక్కసారిగా పడిపోతుంది. నాలుగు వైర్ల హంబకర్‌లో వైర్ల రంగులు ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉంటాయి, చీటీ చూడకుండా సోల్డరింగ్ పెట్టొద్దు. రెండు పికప్పులు కలిపినప్పుడు శబ్దం పలచబడితే ఫేజ్ తిరగబడిందని అర్థం, ఒక పికప్పు వైర్లు అటూ ఇటూ మార్చాలి.

తీసేసిన పాత పికప్పును పారేయకండి. చెన్నై ఉక్కలో చెమట ఉప్పు కాయిల్ కొసను తినేస్తుంది. మీటరు పెడితే ఏమీ చూపించని పికప్పు చాలాసార్లు కొస తెగినదే, సోల్డరింగ్‌తో బతుకుతుంది. లోపల తెగితే తిరిగి చుట్టాలి. మోటారు తీగ కంటే ఇది ఎన్నో రెట్లు సన్నం, లాగుడు కాస్త ఎక్కువైనా తెగుతుంది, కానీ రిలే కాయిళ్లు, చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు చుట్టి చేయి తిరిగిన మనిషికి అందని పని కాదు. చుట్టాక దాదాపు 65 డిగ్రీల వేడిలో పారఫిన్, కొంచెం తేనెమైనం కలిపి ముంచుతారు, వదులు చుట్లు కదిలి కీచుమనకుండా. బొబ్బిలిలో వీణ మెట్లు నిలబెట్టేదీ మైనంలోనే. కాయిల్ చుట్టే చేతులూ, వీణ చేసే చేతులూ ఒకచోట కలిస్తే మన వాద్యాలకు మన చెవికి తగ్గ పికప్పులు మన దగ్గరే తయారవుతాయి. అలా జరగాలని మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను.

బిగించాక రాక్ రిఫ్‌తో పరీక్షించకండి. ఆంప్లిఫయరులో ఎఫెక్టులన్నీ ఆపి, నెక్ పికప్పు మీద తోడి గాంధారం ఒక్క మీటులో పట్టండి. ఊగులాటలో రెండో సగం మొదటి సగమంత స్పష్టంగా వినిపించాలి. వినిపించకపోతే పికప్పు స్క్రూలు అర చుట్టు వదులు చేసి, మళ్లీ మీటండి.