కంచ, పోరంబోకు, అడవి: కంచ గచ్చిబౌలి వివాదంలో భూమి పేర్లపై ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం: హైదరాబాద్ ఐటీ కారిడార్‌లోని కంచ గచ్చిబౌలి భూముల వివాదం 2025లో దేశవ్యాప్త చర్చకు వచ్చింది. ఆ చర్చ ప్రధానంగా యాజమాన్యం చుట్టూ, చెట్ల చుట్టూ తిరిగింది. అదే భూమిని రెవెన్యూ దస్త్రం, ప్రభుత్వ ఉత్తర్వు, న్యాయస్థానం, ఉద్యమం ఏయే పేర్లతో పిలిచాయో, ఆ పేర్లలో ఎవరి బతుకు నిలిచిందో, ఎవరిది జారిపోయిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. తెలుగు కథా, నవలా సాహిత్యం కాపాడుకున్న వినియోగ పదజాలం పర్యావరణ న్యాయానికి సంబంధించిన శాసన నిర్వచనాలకు ఆధారం కాగలదని ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: కంచ, పోరంబోకు, ఉమ్మడి భూములు, 111 జీవో, వాల్టా చట్టం, పర్యావరణ న్యాయం.

1. ఉపోద్ఘాతం

1998 నవంబరులో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. 2001లో సైబరాబాద్ అభివృద్ధి సంస్థ ఏర్పడింది. ఆ తరువాత పాతికేళ్లలో మాదాపూర్, కొండాపూర్, రాయదుర్గం, నానక్‌రాంగూడ గ్రామాలు నగర చిరునామాలుగా మారిపోయాయి. ఊర్ల రూపం మారినా పేర్లు మాత్రం నిలిచాయి. గచ్చిబౌలిలోని 'బౌలి' అంటే దక్కనీలో దిగుడుబావి. కొండాపూర్‌లో కొండ ఉంది. దుర్గం చెరువు పేరులో కోట, నీరు రెండూ ఉన్నాయి. 'కంచ గచ్చిబౌలి' అనే పేరులో మేత ఉంది, నీరు ఉంది. అద్దాల మేడలు రాకముందు ఈ నేల ఏమి చేసేదో చెప్పే తొలి సాక్ష్యం ఊరి పేరే.

ఆ పేరును తెలుగు సమాజం మళ్లీ బిగ్గరగా పలికిన సందర్భం 2025 మార్చి 30, ఉగాది రోజు. హైదరాబాద్ విశ్వవిద్యాలయాన్ని ఆనుకొని ఉన్న 400 ఎకరాలను చదును చేసేందుకు యంత్రాలు దిగాయి. విద్యార్థులు అడ్డుపడ్డారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఈ విషయాన్ని తనంతట తానుగా విచారణకు స్వీకరించి, ఉన్న చెట్ల రక్షణ మినహా అక్కడ మరే పనీ జరగరాదని ఆదేశించింది. ఈ సంఘటనల పూర్వాపరాలు పత్రికలలో విస్తృతంగా వచ్చాయి. సాహిత్య విద్యార్థి దృష్టికి ఇక్కడ మిగిలిన పని వేరు. ఒకే నేలకు ఇన్ని పేర్లు ఎందుకు అవసరమయ్యాయి? ఏ పేరు ఏ హక్కును పుట్టించింది? ఏ పేరు ఏ హక్కును మింగింది?

2. దస్త్రం భాష: నాలుగు మాటల వాక్యం

కంచ గచ్చిబౌలి సర్వే నంబరు 25లోని భూమి రెవెన్యూ దస్త్రాలలో 'కంచ అస్తబల్ పోరంబోకు సర్కారీ'గా నమోదై ఉందని ప్రభుత్వం తన వాదనలో పేర్కొంది. ఆ నాలుగు మాటలను ఒక పాఠంగా చదవవచ్చు. 'కంచ' తెలంగాణ పల్లె మాట, పశువులు మేసే బీడు అని అర్థం. 'అస్తబల్' పారశీక మార్గంలో వచ్చిన మాట, గుర్రపుశాల. 'పోరంబోకు' తమిళ నేల నుంచి రెవెన్యూ పరిభాషలోకి చేరింది, శిస్తు కట్టనక్కరలేని, సాగుకు ఇవ్వని, ఉమ్మడి అవసరాలకు విడిచిన భూమి అని దాని భావం. చివరిది 'సర్కారీ'.

ఈ వరుసలో ఒక చరిత్ర ఉంది. మొదటి మాట వాడుకను చెబుతుంది. రెండవది ఆ వాడుక ఎవరి కోసమో చెబుతుంది. మూడవది పన్ను రాని భూమి అంటుంది. నాలుగవది యజమానిని తేలుస్తుంది. మేతతో మొదలైన పదబంధం సర్కారుతో ముగుస్తుంది. వివాదంలో ప్రభుత్వ పక్షం ఆధారపడింది చివరి మాట మీదనే. 2003లో ఐఎంజీ అకాడమీస్ భారత అనే సంస్థకు ఈ భూమిని కేటాయించడం, 2006లో ఆ కేటాయింపు రద్దు, 2024 మార్చిలో ప్రభుత్వానికి అనుకూలంగా వచ్చిన హైకోర్టు తీర్పు, అనంతరం పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థకు అప్పగింత: ఇవన్నీ 'సర్కారీ' అన్న ఒక్క మాటకు వ్యాఖ్యానాలు. 'కంచ'కు వ్యాఖ్యానం చెప్పినవారు లేరు.

'పోరంబోకు' కథ ఇంకా విచిత్రమైనది. పదిమందికీ చెందిన భూమిని తెలిపే ఈ మాట తెలుగులోనూ తమిళంలోనూ తిట్టుగా మారింది. పనీపాటా లేక తిరిగేవాణ్ణి పోరంబోకు అంటారు. శిస్తు తేని నేలను పనికిమాలినదిగా చూసిన పాలనాదృష్టి మనిషిని కూడా అదే కొలతతో కొలిచింది. 2017లో కర్ణాటక సంగీత విద్వాంసుడు టి.ఎం. కృష్ణ చెన్నై సమీపంలోని ఎన్నూరు వాగు విధ్వంసంపై ఒక గీతాన్ని ఆలపించి ఆ తిట్టునే గౌరవవాచకంగా నిలబెట్టారు. పర్యావరణ ఉద్యమం ఒక మాటను తిరిగి సంపాదించుకున్న సందర్భమది. తెలుగునాట అటువంటి ప్రయత్నం జరగవలసిన మాట 'కంచ'.

3. ఉత్తర్వు భాష: 111 జీవో పాఠం

ఐటీ కారిడార్‌కు పడమర, దక్షిణ దిశలలో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు ఉన్నాయి. 1908 సెప్టెంబరు మూసీ వరద తరువాత నగర రక్షణకూ తాగునీటికీ కట్టినవి ఇవి. వీటి పరివాహక ప్రాంతంలోని 84 గ్రామాలలో కాలుష్య పరిశ్రమలను, భారీ నిర్మాణాలను నిషేధిస్తూ 1996 మార్చి 8న 111 జీవో వెలువడింది. అయితే మరుసటి ఏడాదే ఒక నూనెల పరిశ్రమకు మినహాయింపునిస్తూ ప్రభుత్వం ఇంకొక ఉత్తర్వు జారీచేసింది. పర్యావరణ కార్యకర్తలు పట్టుబట్టి పోరాడగా 2000 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ మినహాయింపు చెల్లదని తేల్చింది. తాగునీటి హక్కుకూ ముందుజాగ్రత్త సూత్రానికీ ఆ తీర్పు నేటికీ ప్రమాణంగా నిలుస్తోంది. అయినా 2022 ఏప్రిల్ 12న 69 జీవో ద్వారా ఆ ఆంక్షలను ప్రభుత్వమే ఎత్తివేసింది.

ఇక్కడ గమనించవలసింది ఉత్తర్వు అనే రచనారూపం స్వభావం. చట్టం సభలో చర్చకు వస్తుంది, సవరణలకు నిలుస్తుంది, దాని వెనుక ఒక వాదోపవాదాల చరిత్ర మిగులుతుంది. ఉత్తర్వుకు రచయిత కార్యాలయం, పాఠకుడు మరొక కార్యాలయం. ఒక సంతకంతో పుట్టి, ఇంకొక సంతకంతో పోతుంది. రాష్ట్ర అధికార భాషా చట్టం 1966లోనే వచ్చినా, 84 గ్రామాల బతుకును నిర్దేశించిన ఉత్తర్వు వెలువడింది ఆంగ్లంలోనే. తమ పొలం మీద ఉన్న నిషేధాన్ని చదువుకోలేని రైతు దానిని కాపాడాలని ఆశించడం న్యాయం కాదు.

పర్యావరణవాదులు తరచుగా దాటవేసే చిక్కు కూడా ఇక్కడే ఉంది. 111 జీవోను రద్దు చేయమని అడిగినవారిలో ఆ గ్రామాల రైతులూ ఉన్నారు. నగరం దాహం తీరడానికి వారి భూముల విలువ ఆగిపోయింది. ఆ త్యాగానికి పరిహారం చెప్పిన వాక్యం ఉత్తర్వులో లేదు. నీటిని రక్షించిన పాఠం నీటి పక్కన బతికేవారిని నిషేధాల జాబితాకు కర్మపదంగా మాత్రమే చూసింది. పర్యావరణ రక్షణకూ పర్యావరణ న్యాయానికీ ఉన్న తేడా ఇదే. మొదటిదానికి వనరు కేంద్రం, రెండవదానికి వనరుతో మనిషికున్న సంబంధం కేంద్రం.

4. ఉద్యమ భాష: ఊపిరితిత్తుల రూపకం

కంచ గచ్చిబౌలి ఉద్యమంలో ఎక్కువగా వినబడిన రూపకం 'నగరానికి ఊపిరితిత్తులు'. నెమళ్లు, చుక్కల జింకలు, నక్షత్ర తాబేళ్లు, కోట్ల ఏళ్లనాటి గ్రానైటు శిలలు ప్రచారానికి ముఖచిత్రాలయ్యాయి. ఆ ప్రచారం ఫలించింది. విద్యార్థుల నిలకడ లేకపోతే న్యాయస్థానం దృష్టి అటు పడేది కాదు. అయినప్పటికీ రూపకాన్ని విమర్శనాత్మకంగా చూడక తప్పదు. ఊపిరితిత్తులు దేహానికి సేవచేసే అవయవం. ఆ రూపకంలో దేహం నగరం. అంటే నేల విలువ నగరానికి అది అందించే గాలితో తేలుతుంది. అక్కడ పశువులు మేపినవారు, కట్టెలు ఏరినవారు, రాయి కొట్టి బతికినవారు ఆ దేహంలో ఏ అవయవమూ కారు.

రూపకానికి మరొక బలహీనత కూడా బయటపడింది. కృత్రిమ మేధతో సృష్టించిన చిత్రాలు ప్రజలను తప్పుదోవ పట్టించాయని ప్రభుత్వం ఆరోపించింది. దాంతో చర్చ కొన్నాళ్లు నేల మీద నుంచి బొమ్మల నిజానిజాల మీదికి మళ్లింది. దృశ్యం మీద ఆధారపడిన వాదాన్ని దృశ్యాన్ని శంకించి దెబ్బతీయవచ్చు. తరతరాల వాడుక మీద నిలిచిన వాదాన్ని అలా తోసిపుచ్చడం కష్టం. 'సేవ్ కంచ గచ్చిబౌలి' అన్న నినాదంలో ఆ వాడుకను చెప్పే మాట ఉండనే ఉంది. కాని అది సంజ్ఞానామంగా మాత్రమే పలికింది. అర్థం పలకలేదు.

5. నిఘంటువు, న్యాయస్థానం, సాహిత్యం

భారత అటవీ న్యాయశాస్త్రానికి నిఘంటువుతో అరుదైన సంబంధం ఉంది. గోదావర్మన్ కేసులో 1996 డిసెంబరు 12న సుప్రీంకోర్టు 'అడవి' అనే పదాన్ని నిఘంటువులోని అర్థంతోనే గ్రహించాలని, దస్త్రంలో యజమాని ఎవరైనా సరే రక్షణ వర్తిస్తుందని చెప్పింది. 2023 నాటి అటవీ చట్ట సవరణ తరువాత కూడా 2024 ఫిబ్రవరిలో అదే నిర్వచనాన్ని కొనసాగించాలని మధ్యంతరంగా ఆదేశించింది. భూమి భవితవ్యాన్ని నిఘంటువు తేల్చవలసి వచ్చినప్పుడు, ఏ భాష నిఘంటువు అన్న ప్రశ్న సాహిత్య పరిశోధకులది కూడా.

ఆంగ్లపదం మనసులో దట్టమైన వృక్షసముదాయాన్ని నిలుపుతుంది. దక్కను పీఠభూమి నేలలు అలా ఉండవు. రాళ్లు, గడ్డి, తుప్పలు, వానాకాలం నిండే కుంటలు, అక్కడక్కడ చెట్లు. ఇటువంటి నేలకు తెలుగులో అంచెలంచెల పదజాలం ఉంది: కారడవి, అడవి, చిట్టడవి, పొదలు, బీడు, కంచ. చెట్ల సాంద్రతతో పాటు మనిషి రాకపోకలనూ ఈ మాటలు కొలుస్తాయి. 'ఇది అడవి కాదు' అనే వాదనకు 'ఇది అడవే' అన్నది ఒక్కటే జవాబు కానక్కరలేదు. 'ఇది కంచ, కంచకూ రక్షణ కావాలి' అన్నది అంతకన్నా కచ్చితమైన జవాబు.

ఈ పదజాలాన్ని నిఘంటువుల కంటే నిండుగా కాపాడింది కథ, నవల. సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి నవల 'కొండపొలం' శీర్షికే ఒక నిర్వచనం. కరువు కాలంలో రాయలసీమ గొర్రెలకాపరులు మందలను నల్లమలకు తోలుకుపోయే ఆచారానికి అది పేరు. కొండను పొలమనడంలో యాజమాన్యం లేదు, శ్రమ ఉంది. ఇంజనీరింగ్ చదివినా ఉద్యోగం దొరకని యువకుడు మంద వెంట అడవికి వెళ్లడం ఆ నవల ఇతివృత్తం. ఐటీ ఆర్థిక వ్యవస్థ నుంచి మేత ఆర్థిక వ్యవస్థ వైపు సాగిన ఆ ప్రయాణాన్ని కంచ గచ్చిబౌలి పక్కన పెట్టి చదివితే, రెండు వ్యవస్థలూ ఒకే నేల కోసం పోటీపడుతున్న సంగతి స్పష్టమవుతుంది.

గోగు శ్యామల కథల నేపథ్యం ఇంకా దగ్గరిది. మూసీ పుట్టిన అనంతగిరి కొండలున్న వికారాబాద్ ప్రాంతపు పల్లెలు, మాదిగవాడలు ఆ కథలకు పట్టుకొమ్మలు. ఊరచెరువు తన గోడు తానే వెళ్లబోసుకొనే కథ, తనకు దక్కవలసిన భూమిని అడిగే బైండ్ల స్త్రీ కథ ఒకే సంపుటిలో ఉండడం యాదృచ్ఛికం కాదు. చెరువు గోడునూ భూమి హక్కునూ ఆమె విడదీయలేదు. ఉద్యమ భాషలో తప్పిపోయిన ఆ ముడి ఇక్కడ పదిలంగా ఉంది.

అయితే 'కంచ'ను మచ్చలేని మాటగా కీర్తించడమూ పొరపాటే. వ్యాకరణం ప్రకారం అది 'కంచె'కు బంధువు. కంచె కాపాడుతుంది, వెలివేస్తుంది కూడా. గచ్చిబౌలి కంచ గుర్రపుశాల కోసం కేటాయించినదన్న సంగతిని 'అస్తబల్' గుర్తుచేస్తూనే ఉంటుంది. కంచే చేను మేసిన సామెత ఊరికే పుట్టలేదు. అందుచేత కోరవలసింది పాత కంచ పునరుద్ధరణ కాదు, దాని వాడుకహక్కును ప్రజాస్వామికంగా తిరగరాయడం.

6. శాసనానికి ఒక నిర్వచనం

2002 నాటి వాల్టా చట్టం నీరు, భూమి, చెట్లు అనే మూడింటిని పేరులోనే నిలుపుకుంది. జనం ఒత్తిడి చేసిన ప్రతిసారీ దిక్కయ్యేది ఆ చట్టమే. కంచ గచ్చిబౌలిలో చెట్ల నరికివేతకు ముందస్తు అనుమతి ఉందా అన్న ప్రశ్న కూడా దాని వెలుగులోనే వచ్చింది. కాని ఆ పేరులో మేత లేదు, మేపేవారు లేరు. 2011 జనవరిలో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు గ్రామ ఉమ్మడి భూములను కాపాడే పథకాలు రూపొందించాలని రాష్ట్రాలను ఆదేశించింది. నగరంలో కలిసిపోయిన గ్రామాల ఉమ్మడి భూములే నేడు ఎక్కువ ప్రమాదంలో ఉన్నాయి. పంచాయతీ పోయినప్పుడు పంచాయతీ కంచ ఎవరికి మిగులుతుంది అన్నది శాసనం జవాబు చెప్పవలసిన ప్రశ్న.

పైన చేసిన పరిశీలన నుంచి అటువంటి శాసనానికి మూడు లక్షణాలు తేలుతున్నాయి. మొదటిది, నిర్వచనం వాడుక ఆధారంగా ఉండాలి, చెట్ల లెక్క ఒక్కటే కొలమానం కారాదు. రెండవది, రక్షణ భారం మోసేవారికి పరిహారం అదే పాఠంలో ఉండాలి. లేకపోతే 111 జీవో అనుభవం పునరావృతమవుతుంది. మూడవది, ఆ పాఠం మొదట తెలుగులోనే రచన కావాలి. అనువాదంలో 'కంచ' వ్యర్థభూమి అయిపోతుంది. వ్యర్థమని పేరు పెట్టిన నేలను అమ్మడానికి ఎవరి అనుమతీ అవసరముండదు.

7. ముగింపు

కంచ గచ్చిబౌలిలో దస్త్రం 'సర్కారీ' అన్నది, ఉద్యమం 'ఊపిరితిత్తులు' అన్నది, న్యాయస్థానం 'అడవి' అర్థాన్ని వెదికింది. మూడింటికీ ముందున్న ఊరిమాట ఎవరి వాదనలోనూ ప్రవేశించలేదు. భూమి మీద పోరాటం పదం మీద పోరాటం కూడా అని ఈ పరిశీలన తేల్చింది. శాసన నిర్వచనాలను రూపొందించే చోట న్యాయవాదులతో పాటు, శాస్త్రజ్ఞులతో పాటు మాండలిక పదజాలాన్ని ఎరిగిన సాహిత్య పరిశోధకులకూ స్థానం ఉండాలి. తెలుగు శాఖలు సేకరించిన వృత్తిపదకోశాలు, ఊరిపేర్ల అధ్యయనాలు ఇంతకాలం అలమరాలకు పరిమితమయ్యాయి. ఊరిపేర్లు మిగిలి, ఊర్లు మిగలని సైబరాబాద్‌లో అవి సాక్ష్యపత్రాలుగా అక్కరకు వస్తాయి.