ఆయాసానికి మందు కుర్చీ కాదు

ఇంట్లో ఎవరికైనా ఆయాసం వస్తే మనవాళ్లు మొదట చేసేది కూర్చోబెట్టడం. ‘కదలకు, ఇంకా రొప్పుతావు’ అంటారు. ప్రేమతో చెప్పే మాటే. కానీ ఇంటర్‌స్టీషియల్ లంగ్ డిసీజ్ (ఐఎల్‌డీ) ఉన్నవారిని ఆ మాటే మంచానికి కట్టేస్తుంది. ఈ జబ్బుల్లో ఊపిరితిత్తుల్లోని గాలి గదుల గోడలు వాచి, చాలామందిలో మచ్చకట్టి గట్టిపడతాయి. ఆక్సిజన్ రక్తంలోకి సరిగా చేరదు. నడిస్తే ఆయాసం, ఆ భయంతో నడక మానడం, మానేసరికి తొడల్లో కండ కరిగిపోవడం. కండ బలం తగ్గిన కాలికి నాలుగడుగులు వేయడానికీ మునుపటికన్నా ఎక్కువ ఊపిరి కావాలి. పల్మనరీ రిహాబిలిటేషన్ (ఊపిరితిత్తుల పునరావాస శిక్షణ) పట్టుకునేది ఆ కండనే. సాధారణంగా వారానికి రెండుసార్లు, ఎనిమిది వారాలకు తగ్గకుండా, ఫిజియోథెరపిస్టు కళ్లముందు లెక్క ప్రకారం నడక, కాళ్లూ చేతుల వ్యాయామం, ఊపిరిని పొదుపుగా వాడుకునే పద్ధతులు.

మచ్చ మానదు కదా, ఈ శ్రమెందుకని అడగవచ్చు. మానదు, నిజమే. నింటెడానిబ్, పిర్‌ఫెనిడోన్ మందులు కూడా జబ్బు ముదరడాన్ని నెమ్మదింపజేస్తాయే గానీ ఉన్న మచ్చను చెరపలేవు. అయినా 21 అధ్యయనాలను పరిశీలించిన 2021 కాక్రేన్ సమీక్షలో, శిక్షణ పొందినవారు ఆరు నిమిషాల నడకలో పొందనివారికన్నా సగటున 40 మీటర్లు ఎక్కువ సాధించారు. వారికి ఆయాసమూ తగ్గింది. ఇంకొకరి చెయ్యి పట్టుకోకుండా పెరట్లోకి వెళ్లిరాగలగడానికి 40 మీటర్లు చాలు. నడకలో ఆక్సిజన్ హఠాత్తుగా పడిపోతుందన్న భయం మాత్రం సమంజసమైనదే. అందుకే ‘రోజూ కాస్త నడవండి’ అని చెప్పి పంపేస్తే సరిపోదు. వేలికి ఆక్సీమీటర్, పక్కన ఆక్సిజన్, ఎక్కడ ఆపాలో తెలిసిన మనిషి ఉండాలి.

ఇదంతా విశాఖ ఛాతీ ఆసుపత్రి పని అనుకుంటే, నర్సీపట్నం లాంటి చిన్న ఊరి నుంచి రానుపోను దాదాపు 160 కిలోమీటర్లు. ఎనిమిది వారాల్లో పదహారుసార్లు. నాలుగడుగులకే రొప్పే మనిషి అన్నిసార్లు బస్సెక్కలేడు. 2017లో వెలువడిన భారత ఐఎల్‌డీ రిజిస్ట్రీలోని 1,084 మందినీ 19 నగరాల ఆసుపత్రుల్లోనే నమోదు చేశారు. నగరం దాకా రాలేని చిన్న ఊళ్ల రోగులు ఆ లెక్కలోకే రారు. రోగులు కొద్దిమందే కదా అంటే, సీఓపీడీ (శ్వాసనాళాలు కుంచించుకుపోయే దీర్ఘకాలిక జబ్బు) ఉన్నవారికీ, టీబీ నయమయ్యాక ఊపిరితిత్తులు దెబ్బతిన్నవారికీ ఇదే శిక్షణ పనికొస్తుంది. దీనికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. 30 మీటర్ల వరండా, ఒక గడియారం, ఆక్సీమీటర్, సిలిండర్, తర్ఫీదు పొందిన ఫిజియోథెరపిస్టు. నర్సీపట్నం ఏరియా ఆసుపత్రిలో వారానికి రెండు పూటలు దీనికి కేటాయించాలి. మేలు నిలవాలంటే ఆ తర్వాతా వ్యాయామం సాగాలి, అది సొంత ఊళ్లోనే సాధ్యం. మీ ఇంట్లో ఐఎల్‌డీ ఉన్నవారుంటే, ఈసారి ఛాతీ డాక్టరు దగ్గర మందుల చీటీతో పాటు నడక చీటీ కూడా రాయించుకోండి: ఎంతసేపు నడవాలి, ఆక్సీమీటర్ ఎంత చూపితే ఆగాలి.