మైకు లేని మ్యాచ్

మొన్న గురువారం వికారాబాద్‌లో ఒక కాలేజీ గ్రౌండు గట్టు మీద కూర్చుని జనాన్ని లెక్కపెట్టాను. పద్నాలుగు మంది తేలారు. అందులో ఇద్దరు మేకలు కాస్తున్నవాళ్లు. ఒకాయన బైకు స్టార్టు కాక ఆగిపోయినవాడు. నలుగురు పిల్లలు ఈ గోల ఎప్పుడు అయిపోతుందా, వికెట్లు ఎప్పుడు పాతుకుందామా అని బ్యాటు ఒళ్లో పెట్టుకుని ఎదురుచూస్తున్నారు. మిగిలిన ఏడుగురిలో నేనొకణ్ని. లోపల ఆడుతున్నది ఇరవై ఇద్దరు ఆడపిల్లలు. డిగ్రీ కాలేజీల మధ్య హాకీ. ఒక జట్టు ఇక్కడిది, ఇంకోటి తాండూరుది.

ఆడేవాళ్లకంటే చూసేవాళ్లు తక్కువైన ఆట చూస్తే నాకు ఆ పూట అన్నం సయించదు. పెళ్లికి పిలిస్తే భోజనాల దగ్గర వడ్డించేవాళ్లే మిగిలినట్టుంటుంది.

పోనీ ఆట బాగాలేదా అంటే, బ్రహ్మాండంగా ఉంది. ఎర్రమొరం గ్రౌండు. టర్ఫు మీద బంతి నేల నాకుతూ పోతుంది గానీ, మొరం మీద గులకరాయి తగిలిందంటే మోకాలిదాకా ఎగురుతుంది. అందుకని ఈ పిల్లలు బంతిని కర్రకు అంటించుకుని, నడుములు వంచి, గొంగళిపురుగును పుల్లతో నెట్టినట్టు జాగ్రత్తగా నెట్టుకుంటూ పోతున్నారు. సున్నం గీతలు సగం చెరిగిపోయాయి. గోల్ ముందరి ‘డి’ వంపు ఎక్కడ తిరుగుతుందో అంపైరు మనసుకే తెలియాలి. తాండూరు గోల్‌కీపర్ కాళ్ల ప్యాడ్లకు గోనెసంచి కుట్టే దారంతో మాట్లు వేసి ఉన్నాయి. ఆ దారం మా తాండూరు కందుల మార్కెట్లో దొరికేదే, చూడగానే పోల్చుకున్నాను. వికారాబాద్ పిల్లలు రెండు గోల్స్ కొట్టారు. రెండోది కొట్టినప్పుడు చప్పట్లు కొట్టింది నేనూ, ఆ బైకాయనా. ఆయన కూడా దుమ్ము దులుపుకుంటున్నాడేమోనని నాకు అనుమానం.

పాత పాఠకులు ఇప్పటికే నవ్వుకుంటూ ఉంటారు, వీడు ఎటు పోతాడో తెలిసిపోయిందని. అవును, మైకు దగ్గరికే. గ్రంథాలయ వారోత్సవాలకు జనం రాలేదన్నప్పుడు మైకు లేకపోవడమే కారణమని రాశాను. కోటిపల్లి చెరువు దగ్గర బోట్ల గురించి రాస్తూ కూడా చివరికి మైకులోనే తేలాను. మా తాండూరు బావ అయితే, ‘నీ పాడెకి కూడా మైకు కట్టమని రాసి పెట్టు’ అని ఫోన్ చేసి మరీ చెప్పాడు. రాసి పెట్టాను.

ఆ గట్టు మీదే కాగితం తీసి పథకం గీయడం మొదలుపెట్టాను. కాలేజీ హాకీకి అభిమానుల్ని తయారుచేయడం ఎట్లా? అమెరికాలో చదువుతున్న మా మేనల్లుడు చెప్పిన ముచ్చట మొదట గుర్తొచ్చింది. అక్కడ మంచు మీద ఆడే హాకీ కాలేజీల్లో పెద్ద పండగట. కార్నెల్ యూనివర్సిటీకి హార్వర్డ్ జట్టు ఆడటానికి వస్తే, కార్నెల్ పిల్లలు స్టేడియంలోకి చేపలు దాచి తెచ్చి మంచు మీదికి విసురుతారట. ఎప్పుడో హార్వర్డ్ వాళ్లు వీళ్ల గోల్‌కీపర్ మీదికి కోడిని విసిరారట, దానికి జవాబు. మృగశిర నాడు చేపల కోసం రాంనగర్ మార్కెట్లో తోసుకునే మనకు ఇది బొత్తిగా అన్యాయంగా కనిపిస్తుంది. కానీ ఆ చేప విసరడానికే ముందునుంచీ టికెట్టు కొనుక్కునేవాడు ఉంటాడన్నది నాకు నచ్చింది.

అంతకంటే మంచి పద్ధతి మన దేశంలోనే ఉంది. ఒడిశాలో సుందర్‌గఢ్ జిల్లా పల్లెల్లో హాకీ పోటీ పెడితే గెలిచిన జట్టుకు బహుమతి మేకపోతు. ఖస్సీ టోర్నమెంటు అంటారు. పోతు గ్రౌండు పక్కనే కట్టేసి ఉంటుంది, ఊరంతా దాన్ని చూస్తూ ఆట చూస్తుంది. భారత జట్టుకు ఆడిన దిలీప్ టిర్కీ ఆ జిల్లా సౌనామారా నుంచే వచ్చాడు. 2023 ప్రపంచకప్పుకు ఆ జిల్లాలోనే, రూర్కెలాలో, 20 వేల మందికి పైగా పట్టే బిర్సా ముండా స్టేడియం కట్టారు. జనం ముందే ఉన్నారు కాబట్టి కుర్చీలు తరవాత వేశారు. మనం గచ్చిబౌలి స్టేడియంలో కుర్చీలు ముందు వేశాం.

మేకపోతు, డప్పులు, మైకు. కాగితం మీద ఈ మూడూ రాసుకుని మైకు కింద రెండు గీతలు గీశాను.

ఎందుకు రెండు గీతలంటే, నన్ను హాకీకి అంటగట్టింది చెవి, కన్ను కాదు. 1975 మార్చిలో కౌలాలంపూర్‌లో ప్రపంచకప్ ఫైనల్ జరిగినప్పుడు నాకు పదేళ్లు. అప్పటికి నేను హాకీ కర్రను ముట్టుకోలేదు సరికదా, ఫొటోలో తప్ప చూడలేదు. తాండూరు స్టేషన్ వెనక రైల్వే క్వార్టర్లలో ఒక ఇంటి వరండాలో మర్ఫీ రేడియో పెట్టారు. జస్దేవ్ సింగ్ హిందీలో వ్యాఖ్యానం చెబుతున్నాడు. తాండూరు వాళ్లకు హిందీ ఎవరూ నేర్పక్కర్లేదు, మాకు సగం మాటలు ఉర్దూ, పావు కన్నడం, మిగిలిందే తెలుగు. పాకిస్తాన్ ముందు గోల్ కొట్టింది. సుర్జీత్ సింగ్ సమం చేశాడు. తరవాత ధ్యాన్‌చంద్ కొడుకు అశోక్ కుమార్ కొట్టిన బంతి, లోపలికి పోయిందా, గుంజకు తగిలి వెనక్కి వచ్చిందా అని అక్కడ కౌలాలంపూర్‌లో పాకిస్తాన్ వాళ్లు పోట్లాడుతుంటే, ఇక్కడ తాండూరులో వరండాలో ఉన్న పాయింట్స్‌మన్ ఒకాయన, ‘పోయింది, నేను చూసిన’ అని ప్రమాణం చేశాడు. రేడియోలో చూశాడు ఆయన. అంత పని చేసింది ఆ గొంతు. 2-1.

రేడియో తరవాత నా రెండో గురువు మా మైకాయన. పేరు రాస్తే ఆయన మనవలు నొచ్చుకుంటారేమో, మైకాయన అనే అందాం. పండగ సెలవుల్లో తాండూరులో రాత్రి వాలీబాల్ పోటీలు జరిగేవి. నాపరాతి గనుల్లో పనిచేసే జట్లు, బషీరాబాద్, యాలాల, పెద్దేముల్ నుంచి వచ్చే జట్లు. వేపచెట్టుకు బూడిదరంగు హారన్ ఒకటి కట్టి, కింద మడతకుర్చీలో చేతిరుమాలు చుట్టిన మైకు పట్టుకుని ఈయన కూర్చునేవాడు. ఇంకో అయిదు నిమిషాల్లో ఫైనల్ అని మూడు గంటలు చెప్పేవాడు. ఊళ్లో ఇడ్లీబండ్లు సర్దుకుంటున్నవాళ్లు కూడా, ఆ అయిదు నిమిషాల్లో ఏం జరుగుతుందోనని వచ్చేవారు.

ఆయన విద్య నాకు చాలా ఏళ్లకు గానీ అర్థం కాలేదు. ఆయన బంతి గురించి ఒక్క ముక్క చెప్పేవాడు కాదు. బంతి అందరికీ కనిపిస్తూనే ఉంది కదా. ఆడేవాడెవడో చెప్పేవాడు. ‘ఇప్పుడు సర్వీసుకు వస్తుండు మన బషీరాబాద్ కండక్టర్ సాబ్ కొడుకు. నాయిన టికెట్ కొడ్తడు, కొడుకు బంతి కొడ్తడు.’ అంతే, నాయిన బస్సెక్కినవాళ్లందరూ ఆ కొడుకు పక్షం. ‘పెద్దేముల్ల కిరాణా షాపాయన అల్లుడు, కట్నం ఇంకా బాకీ ఉన్నదంట, అందుకే గంత కోపంగ కొడ్తుండు.’ పెద్దేముల్ మొత్తం ఘొల్లుమనేది. జెర్సీ నంబరు అన్నమాటే ఆయన నోట రాలేదు. ఏ ఊరు, ఎవరి కొడుకు, ఎవరి ఇల్లు. నాకు తెలిసి ఆటకు జనాన్ని చేర్చడంలో ఇంతకు మించిన సూత్రం లేదు. అభిమాని జట్టుకు పుట్టడు, మనిషికి పుడతాడు.

మన హైదరాబాద్ హాకీ సంగతి చూడండి. ముకేశ్ కుమార్ మూడు ఒలింపిక్స్ ఆడాడు, మన గల్లీలవాడు. 2003లో ఆఫ్రో ఏషియన్ క్రీడల్లో భారత్ పాకిస్తాన్‌ను ఓడించి స్వర్ణం గెలిచింది మన ఊళ్లోనే. 2005లో ప్రీమియర్ హాకీ లీగ్ మొదటి కప్పు హైదరాబాద్ సుల్తాన్స్‌ది. ఆ లీగ్ 2008తో మూతపడింది. ఇప్పుడు హైదరాబాద్ తూఫాన్స్ ఉంది. 2025 ఫిబ్రవరిలో హాకీ ఇండియా లీగ్ ఫైనల్ దాకా పోయి బెంగాల్ చేతిలో 3-4తో ఓడింది, అదీ రూర్కెలాలో. ఆ సీజన్ మొత్తంలో ఆ జట్టు హైదరాబాద్‌లో ఒక్క మ్యాచ్ ఆడలేదు. తుపాను పేరు పెట్టుకుని మన దగ్గర తుంపర కూడా పడలేదు. ఇక ఎవరి కొడుకని చెప్పి చేర్చాలి జనాన్ని?

ఈ ఆవేశంతో విరామంలో తాండూరు జట్టు ఫిజికల్ డైరెక్టర్ దగ్గరికి పోయాను. ఆయన పిల్లలకు నిమ్మకాయ ముక్కలు పంచుతున్నాడు.

‘సార్, వచ్చేసారి ఆదివారం పెట్టుకోండి. మైకు ఖర్చు నాది. నేనే చెప్తాను’ అన్నాను.

‘ఆదివారం వద్దని నేనే చెప్పిన సార్. నేనే వారం మధ్యల పెట్టించిన’ అన్నాడాయన, తల ఎత్తకుండా.

‘ఎందుకు?’

‘రెండేండ్ల కింద మా దగ్గర పెట్టినం. మైకు గూడ పెట్టినం. మూడొందల మంది వచ్చిండ్రు. అండ్ల సగం మంది ఆట చూడనీకి రాలే సార్, నిక్కర్లు చూడనీకి వచ్చిండ్రు. ఫోన్లల్ల వీడియోలు తీసిండ్రు. వారం తిరగకముందే అయి ఊర్లల్లకు పోయినయి. పదహారు మంది పిల్లలుంటే అయిదుగురి ఇండ్లల్ల హాకీ కట్టె పొయ్యిల పెట్టిండ్రు.’

నేనేం అనలేదు. ఆయనే నిమ్మచెక్క పారేసి మళ్లీ అన్నాడు.

‘మైకుల ఎవల బిడ్డ, ఏ ఊరు, అన్నీ చెప్పిండ్రు. మంచిగనే చెప్పిండ్రు పాపం. ఇంగ ఇల్లు దొరకవట్టనీకి ఎంతసేపు?’

నలభై ఏళ్లుగా జేబులో పెట్టుకుని తిరిగిన సూత్రం నాది. కండక్టర్ కొడుక్కి అది చప్పట్లు తెచ్చింది, నిజమే. అదే గొంతు, అదే వేపచెట్టు, కొడుకు చోట బిడ్డ అంటే ఏమవుతుందో నేను ఏనాడూ ఆలోచించలేదు. ఆ రాత్రి పోటీల్లో ఒక్క ఆడమనిషి కూడా జనంలో లేదన్న సంగతి కూడా ఇప్పుడు రాస్తుంటేనే తడుతోంది.

కర్ణాటకలో కొడగు వాళ్లు హాకీలో పేరు మీదే పండగ చేస్తారు మరి. అక్కడ జట్టంటే ఇంటిపేరు. పాండండ కుట్టప్ప అనే పెద్దాయన 1997లో కరడ అనే ఊళ్లో 60 ఇంటిపేర్లతో ఈ పోటీ మొదలుపెట్టాడు. 2024లో నాపోక్లులో 360 ఇంటిపేర్లు ఆడి గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కాయి. తాతా మనవరాలూ ఒకే జట్టులో దిగుతారు. అక్కడ మైకులో ఇంటిపేరు చెబితే లేచి నిలబడేవాళ్లంతా ఆ ఇంటివాళ్లే. మన దగ్గర మూడొందల మందిలో ఆ ఇంటివాళ్లు ఎంతమంది ఉన్నారు? ఒక్కరూ లేరట. అదే అడిగితే ఫిజికల్ డైరెక్టర్ అన్నాడు, ‘అందుకే ఇప్పుడు షరతు పెట్టిన సార్. టీమ్‌ల ఉండాల్నంటే ఇంట్లకెల్లి ఒక్కలన్న వచ్చి చూడాలె. అవ్వ అయినా మంచిదే. ఈసారి ఆరుగురు వచ్చిండ్రు. పోయినసారి ఇద్దరే.’

ఏడుగురిలో నేను పోను ఆరుగురు. గట్టు మీద నా పక్కన కూర్చున్న ముసలామె, తువ్వాలు భుజాన వేసుకున్న ఇద్దరు మగవాళ్లు, కాళ్లు ఊపుతున్న తమ్ముడు, అందరూ పిలిస్తే టికెట్టు పెట్టుకుని తాండూరు నుంచి రైల్లో వచ్చినవాళ్లు. నేను వాళ్లను దారినపోయే జనంలో కలిపి లెక్కేసి తిక్క తెచ్చుకున్నాను.

ఆ లెక్కా తప్పే. పదిహేనో మనిషి ప్రహరీ గోడ బయట ఉంది.

రెండో సగం మొదలయ్యాక చూశాను. గోడ కూలినచోట మొలెత్తు సందు ఉంది, అక్కడ నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చూస్తోంది. చేతుల గీతల్లో నాపరాయి పాలిష్ బూడిద. తాండూరులో ఎన్నిసార్లు కడిగినా పోని రంగు అది. లోపలికి రామ్మా అన్నాను.

‘వద్దు సారు. దవాఖానకని చెప్పి వచ్చిన.’

కాసేపు ఊరుకుని అడిగింది. ‘ఆ నెత్తి మీద డబ్బా పెట్టుకున్నది మా పిల్లనే. అందరూ ఉరుకుతుంటే దాన్నొక్కదాన్నే గట్ల ఎందుకు నిలవెట్టిండ్రు సారు? దానికి ఆడరాదా?’

వచ్చమ్మా, అందరికంటే గట్టిపిల్లనే అక్కడ నిలబెడతారు అన్నాను. మన చిత్తూరు వైపు రజని అనే అమ్మాయి అట్లాగే డబ్బా పెట్టుకుని నిలబడి రియో ఒలింపిక్స్ దాకా పోయిందని చెప్పాను. రియో ఎక్కడో ఆమెకు అక్కర్లేదు. ‘రాయోలె ఉన్నది ఆ బంతి. తాకితే?’ అంది.

అంతలో వికారాబాద్‌కు పెనాల్టీ కార్నర్ వచ్చింది. గోడకు ఇటు నేను, అటు ఆమె. గొంతు తగ్గించి చెప్పడం మొదలుపెట్టాను. ఇప్పుడు మీ పిల్లతో కలిపి అయిదుగురే గీత మీద ఉంటారు, మిగతా అందరూ ఆ చివర సగానికి పోవాలి. అదిగో గుంజకు పక్కగా ఆ గీత మీది నుంచి బంతి తోస్తారు, ముందర ఒకామె ఆపుతుంది, ఇంకొకామె కొడుతుంది. మీ పిల్ల బంతిని చూడదు, కొట్టేదాని భుజం చూస్తుంది. చూస్తోంది. వంగింది. బంతి మొరం మీద ఒక్క ఎగురు ఎగిరి గోనెదారం మాటు పడ్డచోటే తగిలి, ధనామని అడ్డం పోయింది.

ఆమె కొంగు నోట్లోంచి తీసింది. ‘తాకిందా సారు?’

‘తాకలేదమ్మా. ఆపింది.’

రెండు సున్నాతో వెనకబడి ఉన్నారని ఆమె అడగలేదు, నేను చెప్పలేదు. తాండూరు బండి ఎన్నింటికని అడిగింది. పొయ్యి వెలిగించే వేళకు ఇల్లు చేరాలట. ఇంకో రెండు నిమిషాలు నిలబడుతుందేమోనని, ఇంకో కార్నర్ వచ్చేటట్టుంది అన్నాను. నిలబడింది.