వాలుకు అడ్డం

మెట్టచేలో కాంటూరు గట్టుకు గుర్తులు పెట్టే పని చూడటానికి మరీ సాదాసీదాగా ఉంటుంది. మూడు కర్రలతో ఇంగ్లీషు ‘ఏ’ అక్షరం ఆకారంలో కట్టిన చట్రం, దాని కొసనుంచి దారానికి వేలాడే రాయి, అంతే. రెండు కాళ్లూ ఒకే ఎత్తులో ఉంటే దారం అడ్డకర్ర మీది నడిమి గీతను తాకుతుంది. అప్పుడు కాలు ఆనిన చోట సున్నం చుక్క పెట్టి, చట్రాన్ని ఒంటికాలి మీద తిప్పి మళ్లీ చూస్తారు. చుక్కలు కలిపితే కాంటూరు. వాన నీరు దాన్ని లంబకోణంలో కోస్తూ దిగుతుంది కాబట్టే గట్టు నీటికి సరిగ్గా అడ్డం పడుతుంది. 18వ శతాబ్దం తొలినాళ్లలో లైబ్నిట్జ్ ఇంగ్లండు గణితజ్ఞులకు సవాలుగా విసిరిన ఆర్థోగోనల్ ట్రాజెక్టరీల లెక్క (ఒక వరస వక్రాలను లంబంగా కోసే వక్రాలను కనుక్కోవడం) కూడా ఈ జాతిదే.

సమీకరణం తెలియని చేతులకు అంత ఘనత ఎందుకని అడగొచ్చు. కాగితం మీద చేసేదేమిటో చూడండి. పొడవాటి దిబ్బకు కాంటూర్లు దీర్ఘవృత్తాలు: ఎక్స్ వర్గానికి రెండు రెట్ల వై వర్గం కలిపితే స్థిరాంకం. అవకలనం చేస్తే స్పర్శరేఖ వాలు మైనస్ ఎక్స్ బై రెండు వై. తలకిందులు చేసి గుర్తు మారిస్తే రెండు వై బై ఎక్స్. సమాకలనం చేస్తే పరావలయాలు. శిఖరం దగ్గర పొడవు వైపు బయల్దేరిన నీరు పోనుపోను నిటారు వైపుకు వంగుతుందన్నమాట (చూపుకు తట్టని సంగతి ఇది). అసలు చేలో ఇంత నున్నటి దిబ్బ ఎక్కడుంటుంది, బండి జాడలూ గుంటలూ తప్ప? నిజమే. అందుకే చట్రాన్ని అడుగడుక్కీ దింపుతారు. అవకలన సమీకరణమూ అంతే, వక్రం మొత్తాన్ని అడగదు. ఈ బిందువు దగ్గర వాలెంత అనే అడుగుతుంది.